నల్ల మెట్లు, లేసు సూది

ఒరేయ్,

వందనాలు. ఆదివారం చర్చి నుంచి వచ్చాక పిల్లల్ని పట్టలేకపోతున్నామనీ, ఫోన్ లాక్కుంటే ఇల్లు పీకి పందిరేస్తున్నారనీ మొన్న వాపోయావు కదా. అప్పుడు తార్నాక సిగ్నల్ దగ్గర ఇరుక్కుని ఉన్నాను, ఏదో పొడిపొడిగా చెప్పి పెట్టేశాను. ఇవాళ తీరిక దొరికింది.

మా ఇంట్లో పెద్ద రహస్యమేం లేదురా. మా అత్తమ్మ ఉంది, అంతే. ఆవిడది నరసాపురం దగ్గర పల్లెటూరు. ఆ పక్కకి లేసు అల్లికలు తెచ్చింది పందొమ్మిదో శతాబ్దంలో వచ్చిన మిషనరీలేనని నీకూ తెలుసుగా. ఆ అల్లికకి 2024లో జి.ఐ. గుర్తింపు, అంటే ఫలానా ఊరి సరుకు అని చెప్పే భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆ వార్త చదివి వినిపిస్తే మురిసిపోతుందనుకున్నా. "కూలి పెంచారా?" అని అడిగింది. నిజమే మరి. మనకది కాలక్షేపం. వాళ్ళకి వంటపని అయ్యాక అరుగు మీద కూర్చుని ముక్కల లెక్కన చేసిన కూలిపని. అందుకే ఆవిడ ముందు "టైమ్ పాస్" అనే మాట నేను ఎత్తను.

ఒకరోజు మావాడు పక్కన చేరి సూది ఇమ్మన్నాడు. మగపిల్లాడికి అల్లికలేంటని మా ఆవిడ నవ్వింది. "చేపల వల అల్లేది మగాళ్ళు కాదా?" అంది అత్తమ్మ. ఆ మాటతో ఇంట్లో అందరి నోళ్ళూ మూతబడ్డాయి.

నువ్వు మొదలుపెడితే ఒక్కటి గుర్తుపెట్టుకో. పిల్లలకి సన్న నూలు, స్టీలు సూది ఇవ్వకు. జనరల్ బజార్‌లో లావు ఊలు, దానికి సరిపడా లావు సూది దొరుకుతాయి, అవి చాలు. ముందు సూదికి ఒక జారుముడి ఉచ్చు వేసి, ఎడమచేతి చూపుడు వేలికి దారం ఒక చుట్టు చుట్టుకుని, ముడిని బొటనవేలితో నొక్కిపట్టి, సూది కొనలో ఉన్న కొక్కేనికి దారం తగిలించి ఉచ్చులోంచి లాగడమే. అది ఒక చైన్. కష్టమంతా దారం ఎంత బిగించాలన్న దగ్గరే. బిగబడితే రెండో వరసలో సూది దూరదు, వదులైతే వేలాడుతుంది. మావాడు నాలుక ఓ పక్కకి పెట్టి, ఊపిరి బిగబట్టి లాగుతుంటే చూడాలి నువ్వు! అత్తమ్మ బాగుందనీ అనదు, బాగోలేదనీ అనదు. తప్పుపోయిన చోట వేలు పెడుతుంది. వాడే విప్పి మళ్ళీ అల్లుకుంటాడు.

నాకు నచ్చనిది ఒకటుందిరా. పిల్ల చేత్తో ఒక పువ్వు చేస్తే చాలు, వెంటనే ఫొటో, స్టేటస్, "మా బంగారం" అని నాలుగు హార్టులు. ఆ తర్వాత పిల్ల చూపు పువ్వు మీద ఉండదు, ఎవరు చూశారా అన్న దాని మీదే ఉంటుంది. మా ఇంట్లో ఫొటోలు తీయం. మా అక్కయ్యకి కోపం కూడా వచ్చింది, రానీ.

అల్లిక పడని పిల్లలకి కాగితం పని ఇవ్వు. మెదక్ చర్చికి వెళ్ళొచ్చాక మా అమ్మాయికి అదే పిచ్చి పట్టుకుంది. 1924లో ప్రతిష్ఠ జరిగిన గుడి కదా, ఆ రంగుటద్దాల కిటికీలు పగటి వెలుగులోనే చూడాలి. లోపల నిలబడితే క్రీస్తు జననం, సిలువ, ఆరోహణం మూడూ ఎండలో మెరుస్తుంటాయి. ఇంటికొచ్చి నల్ల చార్టులో గళ్ళు కత్తిరించి, వెనకాల రంగురంగుల గ్లేజు కాగితం అంటించి వంటింటి కిటికీకి తగిలించింది. పొద్దున్నే స్టవ్ మీదికి ఎరుపూ పసుపూ పడుతుంటే దోసె కాలిందో లేదో తెలియడం లేదని మా ఆవిడ గొడవ.

డిసెంబర్ వచ్చిందంటే ఇక చుక్కలే. బజారులో మడతపెట్టి అమ్మే స్టార్ కొనకు. ఐదేసి వెదురు బద్దలతో రెండు చుక్కలు కట్టి, కొనల దగ్గర కలిపి, లోపలి మూలల్లో పొట్టి పుల్లలు ఐదు అడ్డం పెడితే చుక్క ఉబ్బుతుంది. పైన కాగితం, మైదా జిగురు. బద్దలు మాత్రం నువ్వే చీల్చివ్వు, చేతులు తెగుతాయి.

ఇంక పాటలు. క్రీస్తు పేరు ఉన్నంత మాత్రాన ప్రతిదీ మంచి పాటేనంటే నేను ఒప్పుకోను. ఇప్పుడొచ్చే కొన్నిటికి డ్రమ్ములు మోగాక మాట వినపడి చావదు. పిల్లలు గెంతుతారు, పల్లవి ఏంటంటే చెప్పలేరు. అదే మన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తియ్యి. పాట పైన రాగం, తాళం అచ్చేసి ఉంటాయి. చిన్నప్పుడు ఆ రెండు మాటల్నీ మనం దాటేసేవాళ్ళం. ఇప్పుడు మా అమ్మాయి వాటినే ముందు చదువుతోంది.

దానికి కీబోర్డు మాస్టారు ఒక చిట్కా చెప్పారు. మూడు నల్ల మెట్లు కలిసుండే గుంపులో మొదటిదాన్ని షడ్జమం, అంటే 'స' అనుకుని, నల్లవి మాత్రమే వరసగా వాయిస్తే మోహన రాగం. స రి గ ప ద, ఐదే స్వరాలు. తెల్లవాటి మీద చెయ్యి వేయకపోతే చాలు, ఎంత చిన్నపిల్ల వాయించినా అపస్వరం పలకదు. రిథమ్ బటన్ మాత్రం నొక్కనివ్వకు. తాళం చేత్తో వెయ్యాలి.

రాత్రి కుటుంబ ప్రార్థనలో ఒక్క పాటే, అన్ని చరణాలూ. నాకు శ్రుతి లేదని నీకు తెలుసు, క్వయర్‌లో నన్ను వెనక వరసలోకి తోసింది నువ్వే కదరా! అయినా పాడతాను. మనం ఫోన్ చూసుకుంటూ వాళ్ళని పాడమంటే ఎందుకు పాడతారు?

మే నెలలో ఇక్కడ వి.బి.ఎస్., అదే పిల్లల వేసవి బైబిల్ బడి ఉంటుంది, పిల్లల్ని పంపించు. నువ్వూ చెల్లెమ్మా చివరి రెండు రోజులకైనా రండి. మంచాలు సరిపోవు, డాబా మీద పక్కలేస్తాం. మీ వాడికి ఏ రంగు ఊలు కావాలో అడిగి చెప్పమంటోంది అత్తమ్మ. ముందుగా చెప్పు, మీరొచ్చే రోజు బజారుకి వెళ్ళి ఎంచుకునే ఓపిక నాకుండదు.

నీ,
వెనక వరస గాయకుడు