ఏరేటర్ ఇక్కడ, మెకానిక్ ఏటి అవతల

సంపాదకులకు,

పోయిన వారం జిల్లా పేజీలో జాబ్ మేళా ఫొటో వేశారు. వేదిక మీద శాలువాలు కప్పుకున్నవాళ్లను లెక్కపెడితే పదకొండు మంది తేలారు. పోనీలే అని ఇన్ని రోజులు ఊరుకున్నాను. కానీ ఆ మేళాకి మా తమ్ముడి కొడుకూ వెళ్లాడు. మేళాకి ముందే వాడికి మూడు నెలలు షాపులో సేల్స్ పని నేర్పి సర్టిఫికెట్ ఇచ్చారు. ఉద్యోగం చెన్నై దగ్గరట. ఆ జీతం గది అద్దెకీ మెస్సుకీ సరిపోతుంది. ఇంటికి పంపాలంటే ఆ సర్టిఫికెట్టే పంపాలి.

ఇక్కడ పనులు లేవా? మా తమ్ముడిది రొయ్యల చెరువు. రాత్రి రెండింటికి నీళ్లలో గాలి కలిపే ఏరేటర్ మోటారు కాలిపోయిందంటే తెల్లారేసరికి రొయ్యలు తేలిపోతాయి. కాలిన మోటారుకి మళ్లీ తీగ చుట్టే వైండింగ్ పని తెలిసినవాడి కోసం భీమవరం ఫోన్ చేయాలి. అతను చించినాడ వంతెన దాటి వచ్చేదాకా టార్చిలైటు పట్టుకుని గట్టు మీద కూర్చోవాలి. అంతెందుకు, కోనసీమలో పుట్టి కొబ్బరి దింపుకి మనిషి కోసం బతిమాలుకుంటున్నాం. సేల్స్ పిల్లలకి మాత్రం కొదవ లేదు.

ఏ ఊళ్లో ఏ పని నేర్పాలో ఎవరు తేలుస్తున్నారో చెప్పండి. 73వ సవరణతో రాజ్యాంగంలోకి వచ్చిన పదకొండో షెడ్యూలులో పంచాయతీలకు అప్పగించదగ్గవని 29 అంశాలు రాశారు. అందులో 18వది సాంకేతిక శిక్షణ, వృత్తి విద్య. ఈ మాట మా సర్పంచితో అంటే నవ్వాడు. 'మాస్టారూ, వీధి లైట్ల కరెంటు బిల్లుకే చస్తున్నాం, ఇది కూడానా?' అన్నాడు. జిల్లా పరిషత్తుని అడుగుదామా? 2022 ఏప్రిల్ 4న జిల్లాలు 13 నుంచి 26 అయ్యాయి గానీ, 2021లో ఎన్నికైన పరిషత్తు పాత తూర్పుగోదావరిదే, కాకినాడలో ఉంది. మా కొత్త కోనసీమ జిల్లా కలెక్టర్ అమలాపురంలో, పరిషత్తు కాకినాడలో, మా పిల్లలకు పని వశిష్ఠ గోదావరి అవతల, పశ్చిమగోదావరి జిల్లా పాలకొల్లులో, భీమవరంలో.

ప్రభుత్వం స్కిల్ హబ్‌లంటూ పని నేర్పే కేంద్రాలు మొదలెట్టినప్పుడు నియోజకవర్గానికొకటి అన్నారు. ఓట్ల కోసం గీసిన గీతకీ పనికీ ఏమిటి సంబంధం?

మా అల్లుడు టెక్సాస్‌లో ఉంటాడు. అక్కడ డాలస్ చుట్టుపక్కల 14 కౌంటీలు, అంటే మన జిల్లాల్లాంటివి, ఒకే శిక్షణ ప్రాంతమట. జనం రోజూ ఎక్కడి నుంచి ఎక్కడికి పనికి వెళ్తారో చూసి హద్దులు పెట్టాలని 2014 నాటి అమెరికా చట్టం. కౌంటీల పెద్దలు కూడబలుక్కుని అడిగితే గవర్నర్ ఖరారు చేస్తాడు. బోర్డులో సగానికి మించి వ్యాపారులే ఉండాలి. అక్కడ అన్నీ సక్రమమని నేననను. కనీసం మనిషిని పెట్టుకునేవాణ్ణి అడిగి నేర్పుతారు. ఇక్కడ మెకానిక్ షాపు అతన్ని ఎవరైనా మీటింగుకి పిలిచారా? శాలువాలు మాత్రం చాలినన్ని తెచ్చారు.

రాజోలు, పాలకొల్లు, నరసాపురం, భీమవరం కలిపి ఒక శిక్షణ ప్రాంతం చేయడానికి ఏటికి ఇవతల అధికారి, అవతల అధికారి ఒక బల్ల దగ్గర కూర్చోవాలి. వంతెన కట్టి ఏళ్లయింది, అడ్డమేమిటో మరి. మా ఇంటికి మాత్రం సర్వేకని వస్తూనే ఉన్నారు, ఆధార్, ఫోన్ నంబరు, చదువు. మూడోసారి వచ్చినమ్మాయిని 'ఈ వివరాలన్నీ ఎక్కడికి పోతాయమ్మా?' అని అడిగితే 'యాప్‌లోకి సార్' అంది.

మా తమ్ముడి చెరువు మీద రెండో మోటారు కూడా నిన్నటి నుంచి గరగరమంటోంది. భీమవరం అతను ఆదివారం వస్తానన్నాడు.

— ఒక రిటైర్డ్ మాస్టారు, మలికిపురం మండలం