నారులోనే పురుగు చేరాక పొలంలో మందు కొట్టి ఏం లాభం?

ఎడిటర్ గారికి నమస్కారమండి,

మీ పేపర్లో వ్యవసాయం పేజీ నేను వదలకుండా చదువుతానండి. మిరపకి ముడత వస్తే ఏం కొట్టాలి, వంగకి కాయతొలిచే పురుగు వస్తే ఏం కొట్టాలి, అన్నీ వివరంగానే వేస్తారు, కానీ నారు దశ గురించి మాత్రం ఎప్పుడో గానీ రెండు లైన్లు కూడా కనపడవు. అసలు రోగం ఎక్కేదే అక్కడ కదండీ. మా వైపు ఇళ్ళల్లో నారు పెంచుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు, వాళ్ళకి పనికొచ్చేది మీ పేపర్లో రావాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

మాది కోనసీమలో గోదావరి పాయ పక్కన లంక. జులై, ఆగస్టు వచ్చిందంటే ధవళేశ్వరం దగ్గర ఎన్ని క్యూసెక్కులు వదిలారు అని టీవీ ముందు కూర్చోవడమే, 2022 జులైలో 25 లక్షల క్యూసెక్కులు దాటి వచ్చినప్పుడు మా చేలల్లో నారుమడి అన్నది మిగల్లేదు. అందుకే ఇప్పుడు వంగ, టమాటా, మిరప నారు వసారాలోనో మేడ మీద రేకుల కిందో ట్రేల్లో కొబ్బరిపొట్టు పోసి పెంచుకుంటున్నాం, వరద తీసి మట్టి ఆరేసరికి నారు రెడీగా ఉండాలని. టమాటా అయితే 25 రోజులు, వంగ 30, 35, మిరపకి 40 దాకా పడుతుంది. ఇంట్లోనే ఉంది కదా, పురుగు ఎక్కడ్నించి వస్తుందిలే అనుకుంటారు చాలామంది. వస్తుందండి, వచ్చిందంటే బయటకన్నా వేగంగా పెరుగుతుంది. చేలో అయితే అక్షింతల పురుగులు, సాలీళ్ళు, అల్లికరెక్కల పురుగులు తిరుగుతా పేనుబంకనీ దోమనీ తింటా ఉంటాయి, నాలుగు గట్టి వానలు పడితే కొంత కడుక్కుపోతుంది. వసారాలో వాన పడదు, తినే పురుగూ ఉండదు, ఒక్క తెల్లదోమ లోపలికొచ్చి గుడ్లు పెట్టిందంటే ఈ ఉక్కకి మూడు వారాల్లో కొత్త తరం తయారు.

అందరికీ తెలియాల్సిన ముఖ్యమైన సంగతి ఇదండి. టమాటాకి ఆకుముడత వైరస్ మోసుకొచ్చేది తెల్లదోమే, అది నారుని కుట్టిన రోజున మనకేమీ కనపడదు, రెండు మూడు వారాలకి గానీ ఆకు ముడుచుకోదు. ట్రేలో పచ్చగా నవనవలాడతా ఉన్న నారునే తీసికెళ్ళి చేలో నాటతాం, అది అక్కడికెళ్ళాక ముడుచుకుంటుంది, అప్పుడు చేలో దోమ పడిందని మందుల షాపుకి పరిగెడతాం. మందు దోమని చంపుతుంది గానీ మొక్క ఒంట్లోకి వెళ్ళిపోయిన వైరస్‌ని ఏ మందూ తియ్యలేదు. లేత వయసులో తగిలిన మొక్క గిడసబారిపోతుంది, కాపు ఉండదు. చేలో మందులకి వేలకి వేలు పోసేవాళ్ళు నారు మీద ఒక తెర కొనడానికి వెనకాడతారు, నాకు నిజంగా బాధేస్తుంది.

తెర అంటే ఏ తెరో కూడా చెప్పాలి. మా ఊళ్ళో ఆకుపచ్చ షేడ్‌నెట్ కట్టి ఇక పురుగు రాదని ధీమాగా ఉంటారు, అది ఎండ తగ్గించడానికే గానీ దోమకి అడ్డు కాదు. ఇంకొందరు పాత దోమతెర కప్పుతారు, తెల్లదోమ పొడవే ఒక మిల్లీమీటరు, దోమతెర కన్ను అంతకన్నా పెద్దది, ఎలా ఆగుతుందండీ? కావాల్సింది 40 మెష్ ఇన్‌సెక్ట్ నెట్, అంటే అంగుళానికి 40 కళ్ళు ఉండేది. తామర పురుగు ఇంకా సన్నం కాబట్టి దానికి 50 మెష్ అయితే మేలు, కానీ మన డెల్టా ఉక్కలో అంత సన్నది కడితే గాలాడక నారుకుళ్ళు వచ్చే ప్రమాదం ఉంది, నా మట్టుకు నేను 40 మెష్ చాలంటాను, తామర పురుగు వచ్చిందో లేదో తెలియడానికి లోపల నీలం జిగురు అట్ట, తెల్లదోమకి పసుపు అట్ట నారు తలల మీదకి వేలాడదీసుకోవాలి. అట్టలు దొరక్కపోతే పసుపు పెయింటు వేసిన రేకు ముక్కకి ఆముదం పూసినా పనిచేస్తుంది. తెర విత్తనం వేసిన రోజునే కప్పాలి, మొలకొచ్చాక చూద్దాంలే అంటే కుదరదు. అంచులు నేలకి ఆనేలా ఇటుకలు పెట్టాలి, నీళ్ళు పొద్దున్నే ఒక్కసారి పోసి మళ్ళీ మూసెయ్యాలి, ఊరికే ఎత్తి ఎత్తి చూడకూడదు.

కానీ ఆ ఒక్కసారి ఎత్తినప్పుడు మాత్రం ఆకు తిరగేసి చూడాల్సిందే. పైనించి చూస్తే ఏం తెలీదు. వంగ నారు ఆకుని రెండు వేళ్ళతో మెల్లగా తిప్పి వెలుతురుకి పెడితే ఈనె పక్కన లేత పసుపు రంగులో సన్నటి పొలుసుల్లాంటివి అంటుకుని ఉంటాయి, వేలితో తాకినా కదలవు, అవే తెల్లదోమ పిల్లలు. కళ్ళకి ఆనకపోతే సెల్‌ఫోన్ కెమెరా జూమ్ చేస్తే బాగా తెలుస్తాయి. తామర పురుగుకైతే కింద తెల్ల కాయితం పెట్టి నారు తలల్ని అరచేత్తో తట్టాలి, కాయితం మీద సన్నగా గీతల్లాంటివి పరిగెడితే అవే. మిరప ఆకు పైకి ముడిస్తే తామర పురుగు, కిందికి ముడిస్తే నల్లి, రెండూ వేరు, మందులూ వేరు, మనవాళ్ళు షాపులో "ముడతండి" అని ఒక్క మాట చెప్పి వాళ్ళేదిస్తే అది తెచ్చుకుంటారు. పొగాకు లద్దె పురుగు తల్లి రాత్రిళ్ళు వసారాలో లైటుకి వస్తుంది, ఆకు మీద గోధుమరంగు నూగు కప్పినట్టు గుడ్లకుప్ప పెడుతుంది, ఆ ఆకు తుంచి కాల్చేస్తే అక్కడితో సరి, వదిలేస్తే ఆ పిల్లలు ఆకులు జల్లెడలాగా చేసేస్తాయి. నారున్న చోట రాత్రి లైటు ఆపెయ్యడం ఇంకా మంచిది.

ట్రే కదిపినప్పుడు కొబ్బరిపొట్టు మీంచి చిన్న చిన్న నల్ల ఈగలు లేస్తున్నాయంటే తడి ఎక్కువైందని అర్థం, వాటి పిల్లలు లేత వేళ్ళు కొరుకుతాయి, పైపొర ఆరనిచ్చి నీళ్ళు పోస్తే చాలావరకు తగ్గిపోతాయి. చీమలు టమాటా, వంగ విత్తనాలు మోసుకుపోతాయి, పేనుబంకనీ పిండినల్లినీ కాపాడతాయి కూడా, అందుకని ట్రేలు స్టాండు మీద పెట్టి స్టాండు కాళ్ళ కింద నీళ్ళ పళ్ళాలు పెట్టుకోవాలి, రెండ్రోజులకోసారి ఆ నీళ్ళు పారబొయ్యాలి, లేకపోతే మనకి దోమలు తయారవుతాయి. పక్కన పురుగు చేరే మందార చెట్టు, తుత్తురబెండ, వయ్యారిభామ లాంటివి లేకుండా చూసుకోవాలి, బయట కొనుక్కొచ్చిన మొక్క ఏదైనా సరే రెండు వారాలు దూరంగా పెట్టాకే నారు దగ్గరికి తేవాలి.

కొబ్బరి చెట్టు కింద మాత్రం నారు పెట్టొద్దండి. 2016లో తమిళనాడు వైపు కనపడి తర్వాత మన తోటల్లోకీ దిగిన సర్పిలాకార తెల్లదోమ ఆకుల మీంచి జిగురు కారుస్తుంది, దాని మీద నల్లటి మసి పట్టి కింద మొక్కలకి ఎండ తగలదు. అయితే ఆ దోమే టమాటాకి వైరస్ తెస్తుందనుకుంటున్నారు కొందరు, కాదు, వైరస్ తెచ్చే దోమ వేరే. కొబ్బరి దోమకి అంబాజీపేట పరిశోధన స్థానంలో ఇసారియా అనే మేలు చేసే ఫంగస్ తయారు చేసి రైతులకి అందించారు, ఊరూరా చెప్పారు, అందరికీ తెలిసింది. నారుకి కూడా అలాగే ఎవరో ఒకరు పూనుకుని చెప్పాలని నేననేది.

మందుల సంగతి. నారులో పురుగు కనపడగానే చేలో మిగిలిన డబ్బా తెచ్చి వసారాలో కొట్టేస్తున్నారు, పక్కనే పిల్లలు అన్నాలు తింటారు, మంచినీళ్ళ బిందెలుంటాయి. మోనోక్రోటోఫాస్‌ని కూరగాయలకి వాడకూడదని కేంద్రం 2005లోనే నిషేధించింది, అయినా ఆ పేరు మా దగ్గర ఇంకా నోళ్ళల్లో నానుతూనే ఉంది. ఇంట్లో పెంచే నారుకి వేపనూనె చాలండి, డబ్బా మీద 1500 పీపీఎం అని ఉండే రకం పెద్ద మొక్కలకి లీటరుకి 5 మిల్లీలీటర్లు చెప్తారు, లేత నారుకి నేను 3 కన్నా ఎక్కువ కలపను, కొంచెం సబ్బునీళ్ళు కలిపి సాయంత్రం పూట ఆకు అడుగు తడిసేలా కొట్టాలి, ముందు ఒక వరసకి కొట్టి మర్నాడు ఆకు మాడలేదంటేనే మిగతావాటికి. ముడత కనపడిన మొక్కని జాలిపడకుండా పీకి కవర్లో వేసి మూట కట్టెయ్యాలి, గట్టు మీద విసిరేస్తే ఆ దోమ మళ్ళీ లేచి వస్తుంది.

నేను అడిగేది రెండే. ఒకటి, నారు పోసే రోజుల్లోనే, అంటే ఆషాఢం మొదట్లోనే, వెంకట్రామన్నగూడెం ఉద్యాన యూనివర్సిటీ వాళ్ళ చేత నారు జాగ్రత్తల మీద మీ పేజీలో ఫొటోలతో రాయించండి, ఆకు అడుగున దోమ పిల్లలు ఎలా ఉంటాయో పెద్ద ఫొటో వెయ్యండి, మా అత్తగారి లాంటి చదువురాని వాళ్ళు కూడా చూసి గుర్తుపడతారు. రెండోది అధికారులకి. 40 మెష్ నెట్ కొందామని టౌన్‌కి వెళ్తే రోలు మొత్తం తీసుకుంటేనే ఇస్తాం, ముక్క చింపం అన్నారు. పదిసెంట్ల కూరగాయల మడికి నారు పోసుకునే మనిషికి రోలు ఎందుకండీ? రైతు సేవా కేంద్రాల్లో మీటర్ల లెక్కన కోసి ఇచ్చేలా, జిగురు అట్టలు విడిగా అమ్మేలా ఉద్యాన శాఖ వాళ్ళు ఏర్పాటు చేస్తే వచ్చే వరదల సీజన్‌కి మా లంకల్లో చాలా ఇళ్ళల్లో నారు బతుకుతుంది. వాళ్ళ కంట పడేలా ఈ ఉత్తరం వేస్తారని ఆశిస్తున్నాను.

ఇట్లు,
మీ పాఠకురాలు,
కోనసీమ