పాపయాక్తా అక్కకు, ఈక్వడార్‌లో మమ్మల్ని ఆదుకున్న అందరికీ కృతజ్ఞతలు

పక్షులను చూడడానికి దక్షిణ అమెరికాలోని ఈక్వడార్ వెళ్లిన మేము మొన్న రాత్రి క్షేమంగా కాకినాడ చేరుకున్నాము. బడలిక తీరలేదు, పెట్టెలు విప్పలేదు, మావారు పక్క గదిలో నిద్రపోతున్నారు. అయినా ఈ నాలుగు మాటలు రాయనిదే నాకు నిద్ర పట్టేలా లేదు. మావారి ఆరోగ్యం గురించి వాకబు చేసిన బంధుమిత్రులందరికీ ముందుగా చెబుతున్నాను: ఆయన కులాసాగా ఉన్నారు. ఆయన కులాసాగా ఉండడానికి కారణమైన ఒక మనిషి గురించి మీ అందరికీ తెలియాలని ఇది రాస్తున్నాను.

కోరింగ మడ అడవుల్లో, కొల్లేటి గట్ల మీద ఏళ్ల తరబడి బైనాక్యులర్స్ పట్టుకుని తిరిగిన మాకు ఈక్వడార్ అన్నది చాలా కాలపు కోరిక. మన దేశం మొత్తం మీద 1,300 పైచిలుకు పక్షి జాతులు ఉంటే, మన రెండు తెలుగు రాష్ట్రాలంత విస్తీర్ణమున్న ఆ చిన్న దేశంలో 1,600కు పైగా ఉన్నాయి. ఆండీస్ పర్వతాలు ఆ దేశాన్ని నిలువునా రెండుగా విడదీయడమే దీనికి కారణం. పడమటి వాలు మీద పసిఫిక్ వైపు నుంచి వచ్చిన మబ్బులు ఆగి కురిసే తేమ అడవులు ఉంటాయి. పైకి పోయేకొద్దీ చెట్లు కురచబారి, చివరకు చెట్టన్నదే లేని పారమో అనే చలి గడ్డినేలలు వస్తాయి. తూర్పు వాలు దిగితే అమెజాన్. ఒక్కొక్క ఎత్తుకు ఒక్కొక్క రకం పక్షులు. ఉదయం చూసిన పిట్ట సాయంత్రం మరో వెయ్యి మీటర్ల ఎత్తులో కనిపించదు, దాని బంధువు కనిపిస్తుంది. గైడు వెంట ఉండి చూపించే యాత్రలన్నీ అందుకే కొండ ఎక్కుతూ దిగుతూ సాగుతాయి.

మొదట మిందో ప్రాంతానికి వెళ్లాము. అక్కడ ఆంహెల్ పాస్ అనే రైతు పొలాన్ని ఆనుకున్న అడవిలో, చీకటితోనే వెళ్లి కూర్చుని, కాక్ ఆఫ్ ద రాక్ మగపక్షులు ఆడపక్షుల మెప్పు కోసం గొంతు చించుకుని అరుస్తూ ఎగరడం చూశాము. ఎవరి కంటా పడకుండా నేల మీదే తిరిగే జయంట్ యాంట్‌పిట్టా పక్షికి ఆయన ఓపికగా వానపాములు వేసి మచ్చిక చేసుకున్నారు. మరియా అని పేరు పెట్టి పిలుస్తూ ఆ పక్షిని అడవిలోంచి బయటకు రప్పించిన మనిషిగా ఆయన ప్రపంచమంతటి పక్షి ప్రేమికులకు తెలుసు. అడవిని నరికి అమ్ముకోవడం కంటే నిలబెట్టి చూపించడం మేలని ఆ చుట్టుపక్కల చాలామంది రైతులకు ఆయన్ను చూశాకే నమ్మకం కుదిరిందని మా గైడు చెప్పారు. ఆయనకూ మా నమస్కారాలు.

మిందో ఊరు సుమారు 1,250 మీటర్ల ఎత్తులో ఉంటుంది. అక్కడి నుంచి మళ్లీ పైకి వచ్చి, అంతిసానా అగ్నిపర్వతం పాదాల దగ్గర పెద్ద రాబందైన కాండోర్‌ను, నారింజ రంగు చుకిరాగువా పూల మీద వాలే హిల్‌స్టార్ హమ్మింగ్‌బర్డ్‌ను చూసుకుని, పాపయాక్తా అనే ఊళ్లో ఒక రాత్రి ఆగాము. మర్నాడు ఉదయం 4,000 మీటర్లు దాటిన కనుమ మీదికి వెళ్లాము. కౌజుపిట్టలా ఉండి, రాళ్ల మధ్య రాయిలా కదలకుండా కూర్చునే సీడ్‌స్నైప్ కోసం అందరూ గట్టు వెంబడి నడుస్తుండగా మావారు వెనకబడ్డారు. ముందు రోజు నుంచే కొద్దిగా దగ్గుతున్నారు, చలి వల్లనే అనుకున్నాము. ఇప్పుడు రెండడుగులు వేస్తే ఆయాసం, కూర్చున్నా తగ్గని ఆయాసం. పెదవులు నీలంగా మారాయి. గైడు తన సంచిలోని చిన్న పరికరాన్ని ఆయన వేలికి తగిలించి చూసి, ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా మమ్మల్నిద్దరినీ వ్యానులో ఎక్కించి కిందికి పంపించేశారు. మిగతా వారిని ఆ మంచులో విడిచి రాలేక తాను అక్కడే ఆగిపోయారు.

డ్రైవరుకు ఇంగ్లీషు రాదు, నాకు స్పానిష్ రాదు. పాపయాక్తా ఊళ్లో రోడ్డు పక్కన ఒక చిన్న భోజనశాల ముందు ఆయన బండి ఆపి లోపలికి పరుగెత్తారు. మంచినీళ్ల కోసమో, ఫోను కోసమో నాకు తెలియదు. ఆయనతో పాటు ఒక స్త్రీ బయటికి వచ్చింది. నాకంటే ఐదారేళ్లు పెద్దది కావచ్చు. వ్యాను తలుపు తీసి, మావారి ముఖం చూసి, నుదుటి మీద చెయ్యి వేసి, డ్రైవరుతో గట్టిగా ఏదో అంది. కనుమ వైపు చెయ్యి చూపి కాదన్నట్టు తల ఊపి, లోయ వైపు చూపించింది.

ఆమె ఏమన్నదో నాకు తర్వాత తెలిసింది. పెద్ద ఆసుపత్రులన్నీ క్విటో నగరంలో ఉన్నాయి కాబట్టి ఎవరైనా అటే వెళ్దామంటారు. కానీ పాపయాక్తా నుంచి క్విటో వెళ్లాలంటే మేము దిగి వచ్చిన ఆ కనుమనే మళ్లీ ఎక్కి దాటాలి. ఎత్తు పడక మావారిలా ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతున్న మనిషికి ఎత్తు పెరిగేకొద్దీ ప్రమాదం, తగ్గేకొద్దీ మేలు. తూర్పుగా దిగితే గంట ప్రయాణంలో, 1,900 మీటర్ల ఎత్తున ఉన్న బాయెసా ఊళ్లో ప్రభుత్వ ఆసుపత్రి ఉంది. ఆ కొండల్లో పుట్టి పెరిగిన ఆమెకు ఇది ఏ డాక్టరూ చెప్పనక్కర్లేదు. ఆ నిర్ణయమే మావారిని కాపాడిందని అక్కడి డాక్టరు తర్వాత మాకు స్పష్టంగా చెప్పారు.

దారి చెప్పి ఆమె ఊరుకుని ఉంటే అదే గొప్ప ఉపకారం. ఆమె లోపలికి వెళ్లి పొయ్యి ఆర్పి, తలుపుకు తాళం వేసి, తన ఉన్ని శాలువా తెచ్చి మావారికి కప్పి, మా పక్కన వ్యానులో కూర్చుంది. అది ఆదివారం. పాపయాక్తాలో వేడినీటి బుగ్గలున్నాయి. సెలవు రోజున క్విటో జనమంతా అక్కడికి వస్తారు. ఆ భోజనశాలకు వారంలో నాలుగు డబ్బులు వచ్చేది ఆ రోజునే. ఈ సంగతి మర్నాడు గైడు చెప్పేదాకా నాకు తెలియదు, ఆమె ముఖంలో ఆ చింత ఒక్క క్షణం కూడా కనిపించలేదు. మలుపుమలుపుకూ మావారి తల కిటికీకి కొట్టుకోకుండా తన అరచెయ్యి అడ్డుపెట్టుకుని, ఆ గంటసేపూ అలాగే కూర్చుంది.

బాయెసా ఆసుపత్రిలో ఆమే మాట్లాడింది, ఆమే కాగితాలు రాయించింది, ఆక్సిజన్ పెట్టి మందులు ఇచ్చేదాకా మంచం దగ్గర నిలబడింది. వచ్చిన పని అయిపోయింది గనుక వెళ్లిపోతుందనుకున్నాను. ఆమె వెళ్లలేదు. నడవాలో చెక్క బల్ల మీద నాతో పాటు రాత్రంతా కూర్చుంది. తాను తెచ్చిన మొక్కజొన్న పొత్తును ఒలిచి, గింజలు నా దోసిట్లో పోసి, నేను నమిలి మింగేదాకా చూసింది. మాటలు కుదరవు కాబట్టి మధ్యమధ్యలో నా మోకాలి మీద చెయ్యి వేసేది, అంతే.

తెల్లవారాక మావారికి ఊపిరి కుదుటపడిందని డాక్టరు చెప్పారు. అప్పటిదాకా నేను ఏడవలేదు, అప్పుడు కూడా ఏడుపు రాలేదు. కొండ మీది గాలికి, వానకు నా జడ ఊడిపోయి చిక్కులు పడి ఉంది, ఆ ధ్యాస నాకు లేదు. ఆమె నన్ను బల్ల మీద తనకు వీపు చేసి కూర్చోబెట్టి, సంచిలోంచి దువ్వెన తీసి, చివర్ల నుంచి మొదలుపెట్టి ఒక్కొక్క చిక్కూ నొప్పి తెలియకుండా విప్పి, నున్నగా దువ్వి, బిగువుగా జడ అల్లింది. కట్టడానికి ఏమీ లేకపోతే తన జడకు చుట్టుకున్న ఎర్ర ఉన్నిదారాన్ని సగానికి తెంపి నా జడకు కట్టింది. మా అమ్మ పోయాక నా తలకు మరొకరు దువ్వెన పెట్టడం అదే మొదలు. ఎక్కడి కాకినాడ, ఎక్కడి పాపయాక్తా! ఆ బల్ల మీద నేను వెక్కివెక్కి ఏడ్చాను. ఆమె నన్ను ఊరుకోమనలేదు, జడ చివర పట్టుకుని అలాగే కూర్చుంది.

నేను డబ్బు ఇవ్వబోతే నా పిడికిలి మూసేసింది. ఎంతో బతిమాలితే తిరుగు బస్సుకు సరిపడా నాణేలు మాత్రం ఏరుకుని, మిగతావి నా చేతిలోనే పెట్టింది. ఆమె అనుమతి అడగలేదు గనుక పేరు ఇక్కడ రాయడం లేదు. నేను మాత్రం అక్కా అనే పిలిచాను, ఆమె పలికింది.

ఇక మనసులో ఉన్న ఒక బాధ కూడా చెప్పాలి. బయలుదేరే ముందు మేము ప్రయాణ బీమా చేయించుకున్నాము. అరవై దాటిన వారి ప్రీమియం ఎంత ఉంటుందో చేయించుకున్న వారికి తెలుసు. వెళ్లే ఊళ్ల పేర్లన్నీ ముందే రాసి ఇచ్చాము, డబ్బు తీసుకునేటప్పుడు ఎవరూ ఏమీ అనలేదు. ఆ రాత్రి ఆసుపత్రి నడవాలోంచి వారికి ఫోను చేస్తే, ఒకరి నుంచి ఒకరికి కలుపుతూ, ముందస్తు అనుమతి కావాలని, ఇంగ్లీషులో డాక్టరు లేఖ కావాలని చెప్పి, చివరకు 3,000 మీటర్లు దాటిన చోట వచ్చిన జబ్బు మా బాధ్యత కాదని తేల్చారు. క్విటో నగరమే 2,850 మీటర్ల ఎత్తున ఉంటుంది. ఆండీస్‌కు వెళ్తామని చెప్పిన మనిషికి ఈ షరతు మొదటి పేజీలో, తెలుగులో, కంటికి కనబడే అక్షరాల్లో చెప్పవద్దా? డబ్బు కట్టించుకున్న వారు చేతులెత్తేశారు. మా పాస్‌పోర్టు చూసి కూడా బాయెసా ఆసుపత్రి వారు ఒక్క పైసా తీసుకోలేదు. ఆ దేశపు 2008 రాజ్యాంగం ప్రభుత్వ వైద్యాన్ని అందరికీ ఉచితం చేసింది. ఆ మాట అక్కడ కాగితానికే పరిమితం కాలేదని మా కళ్లతో చూశాము. ఈ యాత్రలు నిర్వహించే వారికి కూడా ఒక విన్నపం: తక్కువ రోజుల్లో ఎక్కువ జాతులు చూపించాలన్న పోటీలో, దిగువ నుంచి నేరుగా పారమోకు ఎక్కించేటప్పుడు మధ్యలో ఒక విశ్రాంతి రోజు కలపండి. ఆ రోజు తగ్గే నాలుగు పిట్టల కంటే మనిషి ముఖ్యం.

దిగువకు వెళ్లడం వల్ల మేలే తప్ప కీడు లేదని డాక్టరు చెప్పడంతో మా బృందం బాయెసాలో మమ్మల్ని కలుపుకుని అమెజాన్ వైపు దిగింది. కోకా పట్నం నుంచి నాపో నదిలో మోటారు పడవ, ఆ తర్వాత సన్నని వాగులో చేతి తెడ్ల పడవ. ఆ వాగులో మోటారు చప్పుడు వినిపించనివ్వని అన్యాంగు కిచ్వా ఆదివాసీ సముదాయం వారే వేట మానుకుని, అక్కడి వసతి గృహాన్ని తామే నడుపుకుంటున్నారు. ఉప్పు కోసం వందల చిలకలు నది గట్టున మన్ను తినడానికి దిగే చోటికి వారు మావారిని నడిపించకుండా పడవలోనే దగ్గరకు తీసుకెళ్లారు. ఎక్కువగా ఆకులే తిని బతికే హోవాట్సిన్ పక్షులు సరస్సు ఒడ్డున కొమ్మల మీద బరువుగా దూకుతుంటే ఆయన చిన్నపిల్లవాడిలా నవ్వారు. ఆ అడవి ఉన్న యసునీలో ఒక చమురు క్షేత్రాన్ని మూసివేయాలని 2023 ఆగస్టులో ఆ దేశ ప్రజలు ఓటు వేసి తేల్చారు. అలా ఓటు వేసిన వారందరికీ, మేము చూసిన ప్రతి పక్షి తరఫునా నమస్కారం.

మా అబ్బాయి, కోడలు, మా తమ్ముడు ఆ రెండు రోజులూ చేయవలసినదంతా చేశారు. వాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు.

ఇది పెట్టబోతుండగా గుర్తొచ్చిన వారు ఇంకా ఉన్నారు, మన్నించాలి. కనుమ మీద వ్యాను లేకుండా మంచులో గంటల తరబడి నిలబడి, ఒక్క మాట కూడా అనని మా తోటి ప్రయాణికులకు కృతజ్ఞతలు. వారిలో ఇద్దరికి ఆ రోజు సీడ్‌స్నైప్ కనిపించిందట, సంతోషం. మమ్మల్ని దించి, మళ్లీ కనుమ ఎక్కి వారిని తెచ్చిన డ్రైవరు గారికి, అర్ధరాత్రి ఆసుపత్రికి వచ్చి చూసిన గైడు గారికి కృతజ్ఞతలు. మా మేనల్లుడి స్నేహితుడి ద్వారా దొరికి, ఎన్నడూ ముఖం చూడని మాకోసం టెక్సాస్ నుంచి ఫోనులో డాక్టరు మాటలన్నీ తెలుగులో వివరించిన డాక్టరమ్మ గారిని ఇంత కిందికి మరచిపోవడం తప్పే, ఆమె ఋణం కూడా పెద్దది. తన స్వెట్టరు నాకిచ్చిన రాత్రి డ్యూటీ నర్సుకు, నాపో పడవలో మావారి సంచి మోసిన కుర్రవాడికి. ఇంకొకరు: బాయెసా మందుల దుకాణంలో నా దగ్గరున్న 100 డాలర్ల నోటుకు చిల్లర లేకపోతే, వరసలో నా వెనక నిలబడిన ఒక ముసలాయన మా మందుల డబ్బు తానే కట్టి, నేను బయటికి వచ్చేసరికి వెళ్లిపోయారు. ఆయనకు తిరిగి ఇచ్చే దారి లేదు. ఆ మొత్తాన్ని మా గైడు గారి చేత పాపయాక్తా అక్కకు పంపించాము, ఈసారైనా కాదనవద్దని చెప్పమన్నాము.