సభ్యులకు వార్షిక నివేదిక: ముందు ఎస్కేప్‌లు, తర్వాత గార్డ్ పాస్‌లు, ఆఖర్న సబ్మిషన్లు

గౌరవ సభ్యులకు నమస్కారం.

ఏప్రిల్ నుంచి మార్చి వరకు మన బ్రెజిలియన్ జియు జిట్సు (నేల మీద పట్లతో సాగే పోరాట క్రీడ) సంఘం చేసిన పనుల నివేదిక ఇది. హాలు, జమాఖర్చులు, రాబోయే సమావేశం సంగతులు చివర్లో క్లుప్తంగా ఉన్నాయి. మిగతాదంతా శిక్షణ గురించే. ఈ ఏడాది కార్యవర్గం తీసుకున్న ముఖ్యమైన నిర్ణయం కూడా అక్కడిదే. కొత్తవారి తరగతిలో పాఠాల వరుస మార్చాం. ఇప్పుడు మొదటి 6 వారాలు ఎస్కేప్‌లు (కింద చిక్కినప్పుడు బయటపడడం), తర్వాతి 8 వారాలు గార్డ్ పాస్‌లు (కిందివారు కాళ్లతో పెట్టే అడ్డు, అంటే గార్డ్, దాటడం), ఆఖరి 4 వారాలు సబ్మిషన్లు (ఎదుటివారు ఓటమి ఒప్పుకునేలా చేసే పట్లు) నేర్పుతున్నాం.

ఈ వరుస ఎందుకని చాలామంది సభ్యులు అడిగారు. పోటీ నియమాల్లో ఎస్కేప్‌కి పాయింట్ లేదు. ఐబీజేజేఎఫ్ (అంతర్జాతీయ బ్రెజిలియన్ జియు జిట్సు సమాఖ్య) లెక్కలో టేక్‌డౌన్ (నిలబడ్డవారిని పడేయడం), స్వీప్ (కింద నుంచి పైకి రావడం), నీ ఆన్ బెల్లీకి (పొట్ట మీద మోకాలు) 2 చొప్పున, గార్డ్ పాస్‌కి 3, మౌంట్‌కి (మీద ఎక్కి కూర్చోవడం), బ్యాక్ కంట్రోల్‌కి (వెనక నుంచి పట్టి ఉంచడం) 4 చొప్పున వస్తాయి. ఆ స్థితిని 3 సెకన్లు నిలబెట్టాలి. సైడ్ కంట్రోల్ (పక్క నుంచి ఛాతీతో అదిమే స్థితి) కింద నలిగి, కష్టపడి మళ్లీ గార్డ్‌లోకి వచ్చినవారికి మాత్రం సున్నా. దాంతో కొత్తవారికి ఎస్కేప్ అంటే చిన్నచూపు, ఆర్మ్‌బార్ (మోచేతిని చాచి విరిచే పట్టు) అంటే మోజు. కానీ కిందపడితే బయటికి రావడం తెలియని మనిషి పైన ఉన్నప్పుడు కూడా ధైర్యం చేయలేడు. ఉన్న చోటు పోతుందేమోనని ఊపిరి బిగబట్టి, ఒళ్లంతా బిగించి పట్టుకుంటాడు. మెడ పట్టేయడం, పక్కటెముకల నొప్పి, వేళ్లు బెణకడం ఎక్కువగా అలాంటివారికే. తప్పించుకోవడం వచ్చినవాడు ఉన్న చోటు పోయినా తిరిగి రాగలనన్న నమ్మకంతో వదులుగా ఆడతాడు, త్వరగా నేర్చుకుంటాడు.

మన దగ్గరికి వచ్చేవారిలో కుస్తీ, కబడ్డీ ఆడినవారు చాలామంది ఉన్నారు. వారి బలం, తెగువ మనకు ఆస్తి. అయితే కుస్తీలో వీపు నేలకు ఆనితే ఓటమి కాబట్టి, గోదా అలవాటు ఉన్నవారు కిందపడగానే బోర్లా తిరుగుతారు. మన ఆటలో అలా తిరిగితే ఎదుటివారికి వీపు అప్పగించినట్టే, ఆ వెంటనే మెడ కింద చేయి దూరుతుంది. కబడ్డీ వారు చీలమండ పట్టి వదలరు. ఆ పట్టు ఎంత గట్టిదైనా తల ముందుకు వంగిపోతే గిలటిన్‌కి (ముందు నుంచి మెడ నొక్కే పట్టు) దొరుకుతారు. వీరికి వెల్లకిలా ఉండి, ఎదుటివారి వైపు పక్కకు తిరగడమే మొదటి పాఠం. మొదటి రెండు వారాలు ఇది అవమానంగా అనిపిస్తుంది. జోడీగా ఉన్న సీనియర్లు ఓపిక పట్టాలి.

సైడ్ కంట్రోల్ కింద నుంచి

ఎక్కువ తరగతులు దీనికే కేటాయించాం. ఎదుటివారు మన కుడి పక్కన మోకాళ్ల మీద ఉండి, ఛాతీని మన ఛాతీ మీద అడ్డంగా వేశారనుకుందాం. మన కుడి ముంజేయి వారి తుంటి ఎముక మీద, ఎడమ ముంజేయి వారి గడ్డం కింద మెడకు ఆనాలి. వీటినే ఫ్రేమ్‌లు అంటున్నాం. మోచేతులు మన పక్కటెముకలకు దగ్గరగా ఉండాలి. బరువు మోయాల్సింది ఎముక, కండ కాదు. రెండు కాళ్లూ మడిచి, పాదాలు పిర్రలకు దగ్గరగా పెట్టి, నడుము పైకెత్తి వారి వైపు బ్రిడ్జ్ చేయాలి. ఈ బ్రిడ్జ్ వారిని పడేయడానికి కాదు, ఒక్క క్షణం వారి బరువు లేపడానికి. బరువు లేచి తిరిగి దిగేలోపు మనం కుడి పక్కకు ఒత్తిగిలి, నడుమును ఎడమకు జరపాలి. తరగతిలో ష్రింప్ అనేది దీన్నే. అప్పుడు మన కుడి మోచేయికీ వారి తుంటికీ మధ్య జానెడు ఖాళీ వస్తుంది. ఆ ఖాళీలోకి కుడి మోకాలు దూర్చి, ముంగాలును వారి పొట్టకు అడ్డం పెట్టాలి. ఆ తర్వాతే ఎడమ కాలును వారి అవతలి తుంటి మీదికి తేవాలి.

మోకాలు దూరడం లేదని చాలామంది అంటారు. దాదాపు ప్రతిసారీ కారణం మోకాలు కాదు, మెడ దగ్గరి ఫ్రేమ్. నడుము జరిపే హడావుడిలో ఎడమ ముంజేయి కూలిపోతుంది, ఎదుటివారి ఛాతీ మన వెంటే వచ్చేస్తుంది, ఖాళీ మూసుకుపోతుంది. రెండో కారణం, నడుము జరిగినా భుజాలు నేలకే అతుక్కుని ఉండడం. పక్కకు ఒత్తిగిలకపోతే మోకాలికి దారి ఉండదు. ఇక చేతులు చాపి తోయడం అన్నిటికంటే ప్రమాదం. చాచిన చేయి ఆర్మ్‌బార్‌కి, నేల మీద మడత పడిన చేయి అమెరికానాకి (భుజం మెలిపెట్టే పట్టు) దొరుకుతుంది. పైవారిని కౌగిలించుకోవడమూ అంతే: వారు కోరుకునే దగ్గరతనం మనమే ఇచ్చినట్టు.

సాధనను మూడు మెట్లుగా పెట్టాం. మొదట జోడీ కదలకుండా ఉంటే ఒక్కో పక్క 10 సార్లు. తర్వాత జోడీ క్రాస్‌ఫేస్ పెట్టి, అంటే భుజంతో మన దవడను అవతలికి తిప్పి, పూర్తి బరువు వేస్తే 10 సార్లు. ఆ తర్వాత 2 నిమిషాల రౌండ్లు: సైడ్ కంట్రోల్‌లోనే మొదలు, కిందివారు గార్డ్‌లోకి వచ్చినా, పైవారు మౌంట్ ఎక్కినా మళ్లీ మొదటికి. పూర్తి స్పారింగ్ (పోటీలా స్వేచ్ఛగా ఆడడం) కంటే ఈ చిన్న రౌండ్లే ఎక్కువ నేర్పుతాయన్నది కార్యవర్గం గట్టి అభిప్రాయం. స్పారింగ్‌లో ఇష్టమైన చోటికే పోతాం, ఇక్కడ కష్టమైన చోటే కూర్చోవాలి.

మౌంట్ నుంచి బయటపడడానికి రెండు దారులూ కలిపి నేర్పాం. ఒక పక్క చేతిని, అదే పక్క పాదాన్ని బంధించి, నేరుగా పైకి కాకుండా ఆ పక్క భుజం మీదుగా ఏటవాలుగా బ్రిడ్జ్ చేస్తే పైవారు దొర్లుతారు. చేయి ఒక్కటే బంధిస్తే వారు కాలు ఆన్చి ఆగిపోతారు. ఆగడానికి కాలు దూరం జరిపారంటే అక్కడే మోకాలికి సందు దొరికినట్టు, వెంటనే మోచేయి మోకాలు కలిపి హాఫ్ గార్డ్‌కి (వారి ఒక కాలిని మన కాళ్ల మధ్య బిగించే స్థితి) రావచ్చు. ఒకటి ఆపితే రెండోది తెరుచుకుంటుంది.

వీపు పోయినప్పుడు, అంటే ఎదుటివారు మన వెనక చేరినప్పుడు, ముందు మెడ, తర్వాత కాళ్లు. గొంతు వైపు వచ్చే చేతిని మన రెండు చేతులతో పట్టి, అది ఉన్న పక్కకు కాకుండా చంక కింద నుంచి వచ్చిన చేతి పక్కకు వాలి, భుజాలను నేలకు ఆన్చాలి. మన తొడల మీద కొక్కేల్లా వేసిన వారి కాళ్ల హుక్‌లు తీయడానికి తొందరపడి చేతులు వదిలినవారు ట్యాప్ (ఓటమి ఒప్పుకుంటూ చేత్తో తట్టడం) చేయక తప్పదు.

గార్డ్ పాస్‌లు

దాటాల్సినవి మూడు: పాదాలు, మోకాళ్లు, నడుము. క్రమం తప్పితే వెనక్కి రావాల్సిందే. క్లోజ్డ్ గార్డ్‌లో (వారు మన నడుము చుట్టూ కాళ్లు ముడివేసిన స్థితి) ఉన్నంతసేపు పాస్ గురించి ఆలోచించక్కర్లేదు, వెన్ను నిటారుగా ఉంచడమే పని. చేతులు నేల మీద పెడితే కిమురాకి (చేయి వెనక్కి మెలిపెట్టే పట్టు), ఒక చేయి లోపల ఒకటి బయట ఉంటే ట్రయాంగిల్‌కి (కాళ్లతో మెడ బిగించే పట్టు) దొరుకుతాం. నిలబడి తెరవాలంటే ఎదుటివారి ఒక స్లీవ్‌ను వారి పొట్ట మీదే అదిమి, ఆ పక్క కాలే ముందు లేపాలి. అటు చేయి బందీగా ఉంది కనుక మన కాలు పట్టలేరు. రెండో పక్క ముందు లేస్తే చీలమండ పట్టి వెనక్కి పడేస్తారు. లేచాక నడుము ముందుకు తోసి, ఖాళీ చేత్తో వారి మోకాలిని కిందికి నొక్కితే కాళ్ల ముడి వీడుతుంది.

తెరిచిన గార్డ్ మీద ఈ ఏడాది నీ కట్, టొరియాండో రెండే నేర్పాం. ఎక్కువ నేర్పమని వినతులు వచ్చాయి. రెండు పాస్‌లు ఒకదానికొకటి పనికివచ్చేలా నేర్చుకుంటే చాలని, కొత్తవారికి పదింటి పేర్లు తెలియడం వల్ల ఒరిగేదేమీ లేదని మా ఉద్దేశం.

నీ కట్‌లో మన కుడి కాలు ఎదుటివారి కాళ్ల మధ్య ఉంటుంది. కుడి మోకాలు వారి కుడి తొడ మీదుగా అడ్డంగా జారి, వారి కుడి తుంటి పక్కన నేలకు దిగాలి. మన కుడి చేయి వారి ఎడమ చంక కింద దూరాలి, ఎడమ చేయి వారి కుడి మోచేతి దగ్గర స్లీవ్ పట్టి పైకి లాగాలి. తల వారి గడ్డం దగ్గర ఉండాలి. ఈ పాస్ గెలిచేదీ ఓడేదీ ఆ చంక దగ్గరే. అక్కడ వారి చేయి మన కిందికి ముందు దూరిందా, మోకాలు ఎంత జారినా వారు మన వీపు మీదికి వస్తారు. అప్పుడు ముందుకు తోయకుండా నడుము దించి, చేతిని తిరిగి గెలుచుకున్నాకే కదలాలి. ఇంకో ఇబ్బంది: మోకాలు దాటుతుంది కానీ పాదం వారి కాళ్ల మధ్య చిక్కుతుంది. చాలామంది దాన్ని లాగుతారు. లాగకుండా ముందు వారి భుజాలను నేలకు అదిమి, మన ఎడమ పాదంతో వారి పై మోకాలిని తోస్తే పాదం దానంతట అదే వస్తుంది.

వారు మోకాలు అడ్డం పెట్టి నీ కట్ ఆపితే టొరియాండో. రెండు మోకాళ్ల దగ్గర ప్యాంటు పట్టి, కాళ్లను ఒక పక్కకు తోసి, మనం రెండో పక్కకు అడుగు వేయాలి. కాళ్లు తోసి, మనం అక్కడే నిలబడితే వారు నడుము తిప్పి మళ్లీ ఎదురుగా వస్తారు. తోయడం, అడుగు, భుజం వారి ఛాతీ మీదికి దించడం ఒకే ఊపులో జరగాలి.

సబ్మిషన్లు, ట్యాప్

ఆఖరి 4 వారాల్లో ఆర్మ్‌బార్, ట్రయాంగిల్, కిమురా, వెనక నుంచి చేసే చోక్ (మెడ నొక్కే పట్టు) మాత్రమే. ఆర్మ్‌బార్‌లో మోకాళ్లు కలిపి బిగించాలి, మన నడుము వారి భుజానికి ఆనాలి, వారి బొటనవేలు పైకి చూడాలి. ఆ తర్వాత నడుము మెల్లగా ఎత్తాలి. భుజానికీ నడుముకీ మధ్య ఖాళీ ఉంటే మోచేయి జారిపోతుంది. ట్రయాంగిల్‌లో మోకాలి మడత రెండో కాలి చీలమండ మీద పడాలి. పాదం వేళ్ల మీద ముడి వేస్తే మన చీలమండే బెణుకుతుంది. వారికి నేరుగా ఎదురుగా పడుకుని ఎంత నొక్కినా ఫలితం తక్కువ. నడుము జరిపి, వారి చెవి కనిపించే కోణానికి రావాలి. వెనక నుంచి చేసే చోక్ దవడ మీద పడితే నొప్పే తప్ప ముగింపు ఉండదు. మోచేతి మడత గొంతు ముందు, కండరాలు మెడ రెండు పక్కలా ఉండాలి. సరిగ్గా పడితే కొన్ని సెకన్లలోనే స్పృహ తప్పుతుంది, కాబట్టి పట్టినవారే జోడీ చేతిని గమనిస్తూ ఉండాలి.

కిమురా పాఠంలో దాని చరిత్ర చెప్పాం. 1951 అక్టోబరులో రియోలోని మరకానా స్టేడియంలో జూడో యోధుడు మసాహికో కిమురా ఈ పట్టుతోనే ఎలియో గ్రేసీ చేయి విరిచాడు. ఎలియో ట్యాప్ చేయలేదు. టవల్ విసిరి పోటీ ఆపించింది అన్న కార్లోస్. ఆ పట్టుదలను గౌరవిద్దాం. మన మ్యాట్ మీద మాత్రం చేయి పూర్తిగా చిక్కిందని తెలిసిన వెంటనే ట్యాప్ చేయాలి, చేతులు ఖాళీ లేకపోతే నోటితో ‘ట్యాప్’ అనాలి.

హీల్ హుక్ (మడమ పట్టి కాలు మెలిపెట్టడం) మన ఏ తరగతిలోనూ లేదు. మోకాలి లిగమెంట్ తెగాకే నొప్పి తెలిసే పట్టు అది. పిల్లల తరగతిలో మెడ పట్లు, కీళ్ల పట్లు రెండూ లేవు.

హాలు, మ్యాట్లు, లెక్కలు

వానాకాలంలో మ్యాట్ల అడుగున చెమ్మ పట్టి వాసన వచ్చింది. ఇప్పుడు వారానికోసారి అన్నీ ఎత్తి నిలబెట్టి, ఫ్యాన్ల కింద ఆరబెడుతున్నాం. ప్రతి తరగతి తర్వాత క్రిమిసంహారక ద్రావణంతో తుడుస్తున్నాం. తుడిచిన వెంటనే పొడిగుడ్డ వేయకూడదు. సీసా మీద రాసినంతసేపు, చాలా రకాలకు 10 నిమిషాలు, నేల తడిగా ఉండాలి. తామర ఉన్నవారు డాక్టరు సరేననే వరకు మ్యాట్ ఎక్కవద్దు. గి (సాధన దుస్తులు) ప్రతిసారీ ఉతికి ఎండలో ఆరేయాలి. గోళ్లు తరగతికి ముందే కత్తిరించుకోవాలి.

మహిళల తరగతిలో కొత్తవారికి జోడీ కుదిర్చేటప్పుడు బరువు తేడా 10 కిలోలు మించకుండా చూస్తున్నాం. సీనియర్ మహిళా సభ్యులు వారానికి ఒక్క రోజైనా కొత్తవారితో రోల్ (స్పారింగ్) చేయాలని మనవి.

జమాఖర్చుల పుస్తకం హాలులో ఉంది, తరగతి వేళల్లో ఎవరైనా చూడవచ్చు. సర్వసభ్య సమావేశంలో మూడు తీర్మానాలు ఓటుకు వస్తాయి: గోడ పక్క వరుసలో అరిగిన మ్యాట్లను 40 మిల్లీమీటర్ల మందం ఉన్నవాటితో మార్చడం, రెండో విడతలో హాఫ్ గార్డ్‌కి 4 వారాలు కేటాయించడం, ఎస్కేప్‌ల 6 వారాలు పూర్తి చేయని వారిని పూర్తి స్పారింగ్‌కి అనుమతించకపోవడం. మూడో తీర్మానాన్ని కార్యవర్గం ఏకగ్రీవంగా సిఫారసు చేస్తోంది. అభ్యంతరాలుంటే సమావేశానికి వారం ముందుగా కార్యదర్శికి రాసి ఇవ్వగలరు.

ఇట్లు,
కార్యవర్గం