స్టెరాయిడ్ మాత్ర నొప్పి మాత్ర కాదు

సంపాదకుడు గారికి,

నమస్కారం. మోకాళ్ళ నొప్పులకూ ఆయాసానికీ దురదలకూ మా ఊళ్ళల్లో పొట్లం కట్టి ఇస్తున్న మాత్రల గురించి ఈ ఉత్తరం. ముప్పై ఏళ్ళు హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పాను. హార్మోన్ల పాఠం ఏటా చెప్పినవాణ్ణే. అయినా మా ఇంటి మనిషి మంచాన పడితే తప్ప ఈ ఉత్తరం రాయాలన్న ఆలోచన రాలేదు. అందుకు బాధగా ఉంది.

మా మేనత్తకు డెబ్బై దాటాయి. నిరుడు మోకాళ్ళు పట్టేసి, కింద కూర్చుంటే లేవలేని పరిస్థితి వచ్చింది. ఊళ్ళో వైద్యం చేసే ఒకాయన మూడు పూటలకూ మూడు పొట్లాలు కట్టి ఇచ్చాడు. నాలుగో రోజుకే ఆవిడ లేచి వెళ్ళి గేదెకు కుడితి పెట్టింది. అందరం సంతోషించాం. రెండు నెలలయ్యేసరికి ముఖం గుండ్రంగా, నున్నగా తయారైంది. "ఒళ్ళొచ్చిందిరా, మందు బాగా పట్టింది" అంది. చేతులూ కాళ్ళూ మాత్రం పుల్లల్లా సన్నబడ్డాయి. గాజు తగిలిన చోటల్లా చర్మం నల్లగా కమిలేది. రాత్రిళ్ళు నిద్ర పట్టేది కాదు. ఐదో నెలలో పరీక్ష చేయిస్తే, ఎన్నడూ లేని షుగరు 280 ఉంది. అదే పొట్లంలోకి షుగరు మాత్ర కూడా వచ్చి చేరింది. ఇవన్నీ ఒకే చెట్టు కాయలని మాలో ఒక్కరికీ తట్టలేదు.

ఏడో నెలలో హైదరాబాదులో కొడుకింటికి వెళ్ళింది. అక్కడ పొట్లాలు నిండుకున్నాయి. నొప్పులు తగ్గాయి కదా అని ఎవరూ పట్టించుకోలేదు. మూడో రోజు వాంతులు. నాలుగో రోజు పొద్దున బాత్‌రూము దగ్గర కూలబడిపోయింది. బీపీ అందలేదు. ఆస్పత్రిలో డ్యూటీ డాక్టరమ్మ, సంచి అడుగున మిగిలిన ఒక్క పొట్లం విప్పి మాత్రలు అరచేతిలో పోసుకుంది. అందులో ఒక చిన్న తెల్ల మాత్రను వేలితో పక్కకు జరిపి, "ఇది స్టెరాయిడ్ అయి ఉండాలి. ఎన్నాళ్ళ నుంచి వాడుతోంది?" అని అడిగింది. నరంలోకి హైడ్రోకార్టిసోన్ అనే స్టెరాయిడ్ మందే ఎక్కించాక సాయంత్రానికి మా అత్తయ్య కళ్ళు తెరిచి మాట్లాడింది.

ఆ చిన్న మాత్ర లోపల చేసే పని ఏమిటో మనకు అంతో ఇంతో తెలిసిందంటే అది చుంచెలుకల పుణ్యమే. దీన్ని జనానికి తెలుగులో చెప్పేవాళ్ళు లేకపోవడమే నా అసలు బాధ, కాబట్టి నాలుగు మాటలు రాయనివ్వండి.

ఒంటికి కష్టం వచ్చినప్పుడు మూత్రపిండాల మీదుండే అడ్రినల్ గ్రంథులు మనలో కార్టిసాల్‌నూ, ఎలుకల్లో కార్టికోస్టిరోన్‌నూ విడుదల చేస్తాయి. ఆ స్టెరాయిడ్ మాత్ర ఈ హార్మోన్ చేసే పనే చేసే మందు. ఈ హార్మోన్ తనంత తాను ఏమీ చేయలేదు. కణంలో దాని కోసం కాచుకుని ఉండే గ్రాహకం, అదే రిసెప్టర్, దాన్ని పట్టుకుని కేంద్రకంలోకి వెళ్ళి కొన్ని జన్యువులను పని చేయిస్తుంది, కొన్నింటి నోరు మూయిస్తుంది. ఈ గ్రాహకం దాదాపు ప్రతి కణంలోనూ ఉంది. మోకాలి వాపు తగ్గించేదీ, కాలేయంలో చక్కెర పెంచేదీ, ఎముకను గుల్ల చేసేదీ ఇదే.

జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో గుంతర్ షుట్జ్ బృందం చుంచెలుకల్లో ఈ గ్రాహకం జన్యువును తీసేసి చూసింది. 1995లో ఆ ఫలితాలు వచ్చాయి. ఊపిరితిత్తులు విచ్చుకోక పిల్లల్లో చాలా వరకు పుట్టిన కాసేపటికే చచ్చిపోయాయి. నెలలు నిండకుండా కాన్పు అయ్యేలా ఉన్న తల్లికి ఆస్పత్రుల్లో స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఎందుకిస్తారో ఇక్కడే అర్థమవుతుంది. బిడ్డ ఊపిరితిత్తులు సిద్ధం కావడానికి. ఈ మందు విషం కాదు, ప్రాణదాత. నేను వద్దంటున్నది మందును కాదు.

అదే బృందం 1999లో మెదడులో, నాడీ మండలంలో మాత్రమే ఈ గ్రాహకం లేని ఎలుకలను తయారు చేసింది. వాటికి బెదురు తగ్గింది. కానీ ఒళ్ళు చెడింది. ఎందుకంటే రక్తంలో హార్మోన్ చాలినంత ఉందో లేదో కనిపెట్టి, "ఇక చాలు" అని అడ్రినల్ గ్రంథులను ఆపవలసినది మెదడే. మెదడులో గ్రాహకం లేకపోయేసరికి ఆ "చాలు" అనే మాట సరిగా వెళ్ళలేదు. హార్మోన్ పెరిగిపోయింది. మిగతా ఒంట్లో గ్రాహకాలు మామూలుగానే ఉన్నాయి కాబట్టి దెబ్బంతా అక్కడ పడింది. ఈ హార్మోన్ మితిమీరితే మనుషుల్లో వచ్చే దాన్ని కుషింగ్స్ జబ్బు అంటారే, ఆ లక్షణాలు ఆ ఎలుకల్లో కనిపించాయి. మా అత్తయ్య గుండ్రటి ముఖం అదే జబ్బు గుర్తు. ఆ ఎలుకల్లో బ్రేకు పనిచేయలేదు. మా అత్తయ్య ఒంట్లో బ్రేకు ఏడు నెలలు తొక్కిపట్టి ఉంది. బయటి నుంచి వచ్చే మందును చూసి మెదడు "చాలు, చాలు" అంటూనే ఉంటే, సొంత గ్రంథులు పని మానేసి కుంచించుకుపోయాయి. పొట్లం ఆగిన రోజున ఆవిడ ఒంట్లో ఆ హార్మోన్ బయటిదీ లేదు, సొంతదీ లేదు.

షుగరు సంగతి కూడా ఎలుకలే తేల్చాయి. కాలేయ కణాల్లో మాత్రం ఈ గ్రాహకం లేకుండా చేస్తే, పస్తు పెట్టినప్పుడు ఎలుకల రక్తంలో చక్కెర పడిపోయింది. మందు పెట్టి షుగరు జబ్బు తెప్పించినా చక్కెర అంతగా పెరగలేదు. 2004లో వచ్చిన పరిశోధన ఇది. అంటే ఈ హార్మోన్ కాలేయాన్ని తట్టి చక్కెర తయారు చేయిస్తుందన్నమాట. మన దేశంలో షుగరు ఉన్నవాళ్ళు 10.1 కోట్ల మంది ఉంటారని 2023లో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అధ్యయనం అంచనా వేసింది. ఇలాంటి చోట ఈ మాత్రను బఠాణీల్లా పంచుతున్నాం.

ఎలుకకూ మనకూ తేడాలున్నాయి. ఎలుక రాత్రి తిరిగే జీవి. దాని హార్మోన్ చీకటి పడే వేళకు పెరుగుతుంది, మనది తెల్లవారుజామున. అందుకే తెలిసిన డాక్టరు ఈ మాత్రను పొద్దున పూట వేసుకోమంటాడు. మా అత్తయ్య రాత్రి పొట్లంలోనూ ఆ మాత్ర ఉంది. నిద్ర ఎలా పడుతుంది?

1948లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో కీళ్ళవాతంతో నడవలేని ఒక యువతికి ఈ జాతి మందే అయిన కార్టిసోన్ ఇస్తే కొద్ది రోజుల్లోనే లేచి నడిచింది. 1950లో దానికి నోబెల్ బహుమతి వచ్చింది. దుష్ఫలితాలు కూడా ఆ రోజుల్లోనే బయటపడ్డాయి. డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ మన సొంత కార్టిసాల్ కంటే ఇంచుమించు 25 రెట్లు బలమైంది. కరోనా రోజులు గుర్తు తెచ్చుకోండి. ఆక్సిజన్ మీద ఉన్నవాళ్ళకు రోజుకు 6 మిల్లీగ్రాములు, పది రోజులకు మించకుండా ఇస్తే చావులు తగ్గుతాయని 2020లో బ్రిటన్ పరిశోధన తేల్చింది. ఆక్సిజన్ అవసరం లేనివాళ్ళకు మేలు లేదని కూడా అదే పరిశోధన చెప్పింది. మనం మొదటి సగం విన్నాం. 2021లో బ్లాక్ ఫంగస్ వచ్చి కళ్ళు పోగొట్టుకున్నవాళ్ళలో షుగరు అదుపులో లేనివాళ్ళు, స్టెరాయిడ్లు వాడినవాళ్ళు ఎంతమందో డాక్టర్లందరికీ తెలుసు.

చట్టం లేక కాదు. ఈ మాత్రలు షెడ్యూల్ హెచ్ అనే, చీటీ మీదే అమ్మవలసిన మందుల జాబితా కిందివి. ముఖానికి రాసుకునే స్టెరాయిడ్ క్రీములను కూడా 2018లో అందులో చేర్చారు. రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్ చీటీ ఉంటేనే అమ్మాలని అట్ట మీద ఇంగ్లీషులో రాసి ఉంటుంది. ఆ మాటల్లోని మొదటి అక్షరాలు కలిపితే ఆర్‌ఎంపీ అవుతుంది. మా ఊళ్ళల్లో ఆర్‌ఎంపీ అంటే ఎవరో మీకు తెలుసు. చట్టం చెప్పే మనిషి వేరు, జనం వెళ్ళే మనిషి వేరు. అట్టే లేకుండా విడి మాత్రలు పొట్లం కడితే ఆ హెచ్చరిక కూడా కంటపడదు. ఊళ్ళో వైద్యం చేసేవాళ్ళందరినీ దొంగలనడం నా ఉద్దేశం కాదు. అర్ధరాత్రి తలుపు తడితే లేచి వచ్చేది వాళ్ళే. కానీ ఈ ఒక్క మందు వాళ్ళ చేతుల్లో ఉండకూడదు.

రెండు రాష్ట్రాల ఔషధ నియంత్రణ అధికారులను నేను అడిగేది ఎక్కువేమీ కాదు. స్టెరాయిడ్ మాత్రల అట్ట మీద తెలుగులో పెద్ద అక్షరాలతో "ఇది స్టెరాయిడ్. డాక్టరు చెప్పకుండా మొదలుపెట్టవద్దు, చెప్పకుండా ఒక్కసారిగా ఆపవద్దు" అని ఉండాలి. విడి మాత్రల పొట్లాలు ఆపించాలి. ఏ షాపు ఎన్ని డబ్బాలు తెచ్చింది, ఎన్ని చీటీలకు అమ్మింది అన్న లెక్క సరిచూడాలి. హైదరాబాదులోనే జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీ ఉంది, జాతీయ పోషకాహార సంస్థ ఉంది. ఎలుకల మీద ఇలాంటి పనులు తెలిసిన శాస్త్రవేత్తలు అక్కడ ఉన్నారు. వాళ్ళు ఒక పేజీ కరపత్రం తెలుగులో రాసిస్తే ఆశా కార్యకర్తలు ఇంటింటికీ చేర్చగలరు.

ఇప్పటికే వాడుతున్నవాళ్ళు ఇది చదివి రేపే మాత్ర పారేస్తారేమోనని భయంగా ఉంది. దయచేసి ఆ పని చేయవద్దు. డాక్టరుకు చూపించి, కొంచెం కొంచెంగా తగ్గించుకోవాలి.

మా అత్తయ్య ఇప్పుడు పొద్దున పూట తక్కువ మోతాదు మాత్ర వేసుకుంటోంది. డాక్టరమ్మ దాన్ని నెలనెలా ఇంకాస్త తగ్గిస్తోంది. సొంత గ్రంథులు మళ్ళీ ఎప్పటికి మేలుకుంటాయో చూడాలంది. జ్వరమొచ్చినా, కింద పడినా వెంటనే చూపించమని ఒక అట్టముక్క మీద రాసిచ్చింది. అది చీర కొంగున ముడివేసుకుని తిరుగుతోంది మా అత్తయ్య. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో స్టెరాయిడ్ వాడే ప్రతి మనిషికీ అలాంటి అట్టముక్క ఒకటి ఇప్పించండి. దానికయ్యే ఖర్చు అర్ధరూపాయి కూడా ఉండదు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ జీవశాస్త్రం టీచరు,
తెనాలి