ఆపరేషన్ చేసి పంపేస్తే నోరు తెరుచుకోదు

సంపాదకుల వారికి,

అంబాజీపేట నుంచి ఉత్తరాదికి కొబ్బరికాయల లోడు వేసుకెళ్లే లారీ మీద మా తమ్ముడు ఇరవయ్యో ఏట క్లీనర్‌గా ఎక్కాడు. రాత్రిళ్లు కునుకు పట్టకుండా ఉంటుందని డ్రైవర్ చేతిలో పెట్టిన వక్కపొడి ప్యాకెట్‌తో మొదలైంది. ఎనిమిదేళ్లు తిరిగేసరికి పై పళ్లకీ కింది పళ్లకీ మధ్య ఒక్క వేలు పట్టడమే కష్టమైంది. అమ్మ ఇడ్లీని పాలల్లో చిదిపి చెంచాతో పళ్ల సందులోంచి జార్చేది. ఆవకాయ లేనిదే ముద్ద దిగని మనిషి, పప్పన్నం తగిలినా నోరంతా మంటెత్తిపోతోందని కంచం ముందు నుంచి లేచిపోయేవాడు.

కాగితం మీద డాక్టర్లు ఓఎస్‌ఎంఎఫ్ అని రాశారు. ఓరల్ సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్. వక్కలో ఉండే అరెకోలిన్ అనే పదార్థం బుగ్గ లోపలి పొర కింద నారలాంటి కణజాలాన్ని పెంచుకుంటూ పోతుందట. వక్కలోని రాగి ఆ నారను ఇంకా బిగిస్తుందట. వాడి బుగ్గ లోపల వేలు పెట్టి తడిమితే మంచానికి బిగించిన నవారులా తగిలింది నాకు. పొగాకు కలపలేదు కదా, ఉత్త వక్కపొడే కదా అని చాలామంది ధీమాగా ఉంటారు. ఈ జబ్బుకి పొగాకుతో పని లేదు, వక్క చాలు. వక్క దానంతటదే క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2004లో ప్రచురించిన నివేదికలోనే తేల్చి చెప్పింది. కొబ్బరితోటల్లో పోకచెట్లు కూడా పెంచుకునే సీమ మనది. పేరంటంలో తాంబూలం ఇచ్చుకోవద్దని నేను అనడం లేదు. రోజుకు పది ప్యాకెట్లు బుగ్గన పెట్టుకోవడం వేరు.

అయితే ఈ లేఖ వక్క మానమని చెప్పడానికి కాదు. ఆపరేషన్ అయ్యాక జరిగే అన్యాయం గురించి రాస్తున్నాను.

మా వాడికి మొదటి ఆపరేషన్ దూరపు పట్నంలో జరిగింది. నోరు తెరుచుకోదు కాబట్టి మత్తు ఇచ్చే గొట్టాన్ని కెమెరా ఉన్న సన్నటి పైపు సాయంతో ముక్కులోంచి దింపారు. రెండు బుగ్గల్లోనూ బిగుసుకున్న నారను కోసి, పచ్చి పుండు మీద బుగ్గలో ఉండే కొవ్వునే లాగి కప్పారు. కొంతమందికి ముక్కు పక్కన మడత దగ్గరి చర్మం తీసి కప్పుతారట. లోపలికి వెళ్లేటప్పుడు 14 మిల్లీమీటర్లు తెరుచుకున్న నోరు బల్ల మీద 38 వచ్చిందని డాక్టర్ చెబితే అమ్మ చేతులెత్తి దండం పెట్టింది. ఆరో రోజు ఇంటికి పంపారు. డిశ్చార్జి కాగితంలో మందుల కింద ఇంగ్లీషులో ఒక్క ముక్క ఉంది, నోటి వ్యాయామాలు చేయాలని. ఏ వ్యాయామం, ఎన్నిసార్లు, ఎన్నాళ్లు? ఎవరూ చూపించలేదు, మాకు అడగాలనీ తెలియలేదు.

కుట్లు ఊడిపోతాయేమోనని వాడికి భయం. ‘పాపం, నోటికి కాస్త విశ్రాంతి ఇవ్వరా నాన్నా’ అని అమ్మ. విశ్రాంతే కొంప ముంచింది. పుండు మానేటప్పుడు ముడుచుకుంటుంది, అది శరీర ధర్మం. ముడుచుకుంటున్న రోజుల్లోనే సాగదీస్తూ ఉండాలి. లేకపోతే కోసిన చోటే కొత్త నార బిగుస్తుంది. మూడు నెలలకి వాడి నోరు మళ్లీ 17కి వచ్చింది. వాడు పడ్డ బాధ, అమ్మ తాకట్టు పెట్టిన గాజులు, అన్నీ వృథా.

రెండోసారి వేరేచోట చేయించాం. అక్కడ ఒక హౌస్ సర్జన్ అమ్మాయి నాలుగో రోజు నుంచే మంచం పక్కన కూర్చుని నేర్పింది. కావలసిందల్లా ఐస్‌క్రీమ్ పుల్లలు. వేడినీళ్లలో మరిగించి ఆరబెట్టి, ఒకదాని మీద ఒకటి పేర్చి వెనక పళ్ల మధ్య పెట్టాలి. పది నిమిషాలు అలాగే ఉంచాలి. రెండు వైపులా, రోజుకు ఐదుసార్లు. రెండు మూడు రోజులకొకసారి కట్టలోకి ఇంకొక పుల్ల దూర్చాలి. రాత్రి పూట మాత్రం స్క్రూ తిప్పితే దవడల్ని విడదీసే మౌత్ ఓపెనర్. ఇంటికొచ్చాక ఆ కొత్త పుల్ల దూర్చే పని నాది. వాడి కళ్లలోంచి నీళ్లు కారుతుంటాయి, చొంగ గడ్డం మీదకి జారుతుంటుంది, మాట రాదు కాబట్టి చేత్తో నా మణికట్టు పట్టుకుని ఆపుతాడు. పుల్లలు తీశాక ‘అక్కా, ఇవాళ్టికి వదిలెయ్యవే’ అంటాడు. వదిలేస్తే రేపు ఆ పుల్ల దూరదని నాకు తెలుసు. బడి నుంచి వచ్చి గడియారం ముందు పెట్టుకుని కూర్చునేదాన్ని. పదకొండు నెలలైంది. ఇప్పుడు నోరు 33 తెరుచుకుంటోంది. అన్నం ముద్ద చేత్తో పెట్టుకుని తింటున్నాడు.

చదువుకున్నదాన్ని, బడి అయ్యాక ఇంటి దగ్గర ఉండగలిగేదాన్ని కాబట్టి నాకు సాధ్యమైంది. లంక గ్రామాల్లో కూలికెళ్లే ఇంట్లో ఎవరు కూర్చుంటారు? ఒక్కసారి చూపించుకోవాలంటే మా వైపు వాళ్లు సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటు ఎక్కి నరసాపురం దిగి, అక్కడి నుంచి బస్సు పట్టుకోవాలి. ఒక రోజు కూలి పోతుంది. రెండు వారాలు వెళ్తారు, మూడో వారం మానేస్తారు. వాళ్లది అశ్రద్ధ అనడం తప్పు.

అందుకే వైద్య ఆరోగ్య శాఖను నేను అడిగేది ఒకటే. ఆపరేషన్ ఎక్కడ జరిగినా, ఆ తర్వాత కనీసం ఆరు నెలలు, వీలైతే ఏడాది, రోగిని వాళ్ల మండలం ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి అప్పగించాలి. వారానికొకసారి నర్సు స్కేలుతో నోరు కొలిచి రాయాలి. తగ్గితే వెంటనే ఆసుపత్రికి ఫోన్ చేయాలి. దీనికి పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు, ఒక పూట శిక్షణ చాలు. రాజమహేంద్రవరం, భీమవరం, అమలాపురంలో డెంటల్ కాలేజీలున్నాయి, అక్కడి హౌస్ సర్జన్లను ఈ పనికి పంపవచ్చు. మౌత్ ఓపెనర్ అవసరం తీరేదాకా రోగికి అరువివ్వాలి. డిశ్చార్జి కాగితం తెలుగులో, బొమ్మలతో ఉండాలి. కొలిచేటప్పుడే నోట్లో మానని పుండు గానీ తెల్లమచ్చ గానీ ఉందేమో చూడాలి. ఆపరేషన్‌తో నోరు తెరుచుకున్నా క్యాన్సర్ భయం పోదు.

చిన్నప్పుడు గడ్డం మీద పడి దవడ కీలు అతుక్కుపోయి ఆపరేషన్ చేయించుకున్న పిల్లలకీ, నోటి క్యాన్సర్‌కి రేడియేషన్ తీసుకుని దవడ బిగుసుకున్న వాళ్లకీ ఇలాంటి సాధనే దిక్కు. ఈ ఏర్పాటు వాళ్లకీ పనికొస్తుంది.

ఇంకొక్క మాట. క్యాన్సర్, షుగర్ లాంటి జబ్బుల్ని ముందే పట్టే జాతీయ కార్యక్రమం కింద నోటి పరీక్ష 30 ఏళ్లు దాటినవారికి చేస్తున్నారు. మా తమ్ముడికి నోరు బిగుసుకుపోయింది 28 ఏళ్లకే. కాలేజీ పిల్లల నోళ్లు ఇప్పుడే చూడాలి. మూడు వేళ్లు ఒకదాని మీద ఒకటి పెట్టి ముందు పళ్ల మధ్య పడుతున్నాయో లేదో చూసుకోమంటే చాలు, అర నిమిషం పని. బడికి వంద గజాల లోపు పొగాకు అమ్మకూడదని 2003 నుంచి చట్టం ఉంది. మా బడి గేటు ఎదుట కొట్టులో పాన్ మసాలా ఒక దండ, పొగాకు ఇంకో దండ పక్కపక్కనే వేలాడుతున్నాయి.

మా వీధి చివర పాతికేళ్ల కుర్రాడికి వచ్చే నెల ఇదే ఆపరేషన్. మా తమ్ముడు పుల్లల కట్ట తీసుకెళ్లి ఎలా పెట్టుకోవాలో చూపించి వచ్చాడు, రోజూ సాయంత్రం వెళ్లి దగ్గర కూర్చుంటానని కూడా చెప్పాడు. స్కేలు పట్టుకుని కొలిచే మనిషిని మాత్రం ప్రభుత్వమే పంపాలి.

– ఒక ఉపాధ్యాయురాలు,
సఖినేటిపల్లి మండలం, కోనసీమ జిల్లా