మా గేటు రిజిస్టరు అమ్ముకున్న సెక్యూరిటీ ఏజెన్సీకి ఫిర్యాదు లేఖ

నిజాంపేట్, హైదరాబాద్

మేనేజింగ్ డైరెక్టర్ గారికి,

విషయం: మా గేటు సమాచారాన్ని మీ డిటెక్టివ్ విభాగానికి వాడుకోవడం, శిక్షణ లేని గార్డులను శిక్షణ ఉన్నవాళ్లని చెప్పి పంపడం, మా జిల్లాకు లైసెన్సు లేకుండా పనిచేయడం గురించి.

నమస్కారం.

నేను మా అపార్ట్‌మెంట్ ఓనర్స్ అసోసియేషన్ కార్యదర్శిని. బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. మా గేటుకూ సెల్లారుకూ పగలూ రాత్రీ మీ సంస్థే మనుషుల్ని పంపుతోంది. కింద రాసిన విషయాలన్నీ ముందు మీ ఆపరేషన్స్ మేనేజర్‌కి ఫోన్‌లో చెప్పాను. అంతా విని ఆయన అన్న మాట: "దానికేముంది మేడమ్, ఆ ముసలాయన్ని తీసేసి రేపే వేరేవాణ్ణి పంపిస్తాం." ఆ మాట వల్లే ఈ ఉత్తరం నేరుగా మీకు రాయాల్సి వచ్చింది. ఆయన తీసేస్తానన్నది మా రాత్రి గార్డును. ఆ గార్డు మీద మాకు ఫిర్యాదు లేదు. ఫిర్యాదు మీ మీద.

మా అపార్ట్‌మెంట్లో ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని తల్లితో కలిసి ఉంటోంది. ఆమెకు ఒక సంబంధం మాటల్లో ఉంది. ఈమధ్య ఒక ఆదివారం అబ్బాయి తరఫు పెద్దమనిషి వచ్చి కూర్చుని, కాఫీ తాగుతూ ఆ తల్లిని అడిగిన ప్రశ్న ఇది: "శుక్రవారాలు మీ అమ్మాయి రాత్రి పదకొండు దాటాక వస్తోందటగా, తెల్ల కారులో దింపేదెవరు?" ఆ తెల్ల కారు ఆఫీసు క్యాబ్. రాత్రి షిఫ్టు చేసే ఆడవాళ్లను ఇంటి దాకా దింపడానికి కంపెనీ పెట్టిన బండి. అది క్యాబ్ అని మా గేటు రిజిస్టరులో బండి నంబరు పక్కనే రాసి ఉంది. మీ డిటెక్టివ్ విభాగంవాళ్లు అబ్బాయి తరఫువాళ్లకు అమ్మిన రిపోర్టులో మాత్రం టైమూ కారు రంగూ ఉన్నాయి, క్యాబ్ అన్న మాట ఎగిరిపోయింది. అలా తీసేస్తేనే కదా రిపోర్టుకు విలువ!

ఈ సంగతి ఎలా బయటికి పోయిందని రాత్రి గార్డును అడిగితే ఆయనేమీ దాచలేదు. "ఆఫీసు నుంచి సారు వచ్చి రిజిస్టరు ఫొటోలు తీసుకున్నాడమ్మా. ఆ పాప ఎప్పుడొస్తుందో, ఎప్పుడు పోతుందో విడిగా రాసి పెట్టమన్నాడు, రాసిచ్చాను" అన్నాడు. అది కూడా తన డ్యూటీలో భాగమే అనుకున్నాడు. ఆ సారు మీ మేనేజరే. మా సీసీటీవీలో తేదీతో సహా ఉంది.

కాపలా కోసం నెలనెలా మేము డబ్బు కడుతున్నాం. ఆ కాపలావాడి చేతే మా ఇంటి ఆడపిల్ల మీద నిఘా పెట్టించి, ఆ కాగితాన్ని మీరు ఇంకొకరికి అమ్ముకున్నారు. ఆ సంబంధం ఏమవుతుందో ఆ కుటుంబం చూసుకుంటుంది, దాని గురించి ఇక్కడ రాయను. కానీ మా రిజిస్టరులో ఆ ఒక్క అమ్మాయి పేరే లేదు. ఇంట్లో ఒంటరిగా ఉండే పెద్దవాళ్లు, వాళ్ల దగ్గరికి ఏ పూట ఎవరొస్తారు, ఎవరు ఊరెళ్లి ఏ ఫ్లాటుకు తాళం వేసి ఉంది, అన్నీ ఉన్నాయి. వాటి ఫొటోలు ఇప్పుడు ఎవరి ఫోన్లో ఉన్నాయి?

ఇక లైసెన్సు సంగతి. మీ విజిటింగ్ కార్డు మీద "ప్రభుత్వ లైసెన్సు పొందిన సెక్యూరిటీ, డిటెక్టివ్ సేవలు" అని అచ్చు వేయించారు. మీ లైసెన్సు 2005 నాటి ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల నియంత్రణ చట్టం కింద ఇచ్చినది. ఆ చట్టంలో సెక్యూరిటీ అంటే మనిషికో ఆస్తికో కాపలా కాయడం, సాయుధ గార్డులతో కవచ వాహనం (ఆర్మర్డ్ కారు) నడపడం. ఒకరి రాకపోకలు ఆరా తీయడం అందులో ఎక్కడా లేదు. డిటెక్టివ్ ఏజెన్సీలకు వేరుగా లైసెన్సు పెట్టాలని 2007లో రాజ్యసభలో ఒక బిల్లు పెట్టారు, అది చట్టం కాలేదు. కాబట్టి డిటెక్టివ్ పనికి కేంద్ర ప్రభుత్వ లైసెన్సు అన్నదే లేదు. డిటెక్టివ్ అని బోర్డు పెట్టుకోవడమే నేరమని నేను అనడం లేదు. పెళ్లి సంబంధాల విచారణ చేసిపెట్టేవాళ్లు ఈ నగరంలో చాలామందే ఉన్నారు. లేని లైసెన్సు ఉందని కార్డు మీద వేసుకోవడం మాత్రం పచ్చి అబద్ధం.

అంతకుముందు మా సెల్లారులో పిల్లల సైకిళ్లు పోయినప్పుడు కూడా మీ మేనేజరు ఒక బేరం పెట్టాడు. అనుమానం ఉన్నవాళ్ల ఫోన్ నంబర్లు ఇస్తే వాళ్ల కాల్ లిస్టు తెప్పిస్తానన్నాడు, దానికి వేరే ఫీజన్నాడు. కమిటీలో ఒకరిద్దరు ఊగారు కూడా, నేను వద్దన్నాను. కాల్ రికార్డులు పోలీసులు సైతం పద్ధతి ప్రకారం అడిగి తీసుకోవాల్సినవి. 2018లో మహారాష్ట్రలోని ఠాణే పోలీసులు ప్రైవేటు డిటెక్టివ్‌లను అరెస్టు చేసింది ఇలా దొంగదారిన కాల్ రికార్డులు సంపాదించి అమ్మిన కేసులోనే. మీ మేనేజరుకు ఆ సంగతి తెలియదనుకోవాలా, తెలిసే అడిగాడనుకోవాలా?

మీ మీద నమ్మకం పోయాక పాత కాగితాలన్నీ బయటికి తీశాను.

2006లో కేంద్రం ఇచ్చిన నమూనా నియమాల ప్రకారం గార్డుకు 100 గంటల తరగతి పాఠాలు, 60 గంటల ఫీల్డు శిక్షణ ఉండాలి. అదీ కనీసం 20 పనిదినాల్లో. మాజీ సైనికులకు, మాజీ పోలీసులకు మాత్రం ఇంతకన్నా చిన్న కోర్సు సరిపోతుంది. ఈ నియమాలన్నీ పాటిస్తామని మీ అగ్రిమెంటులో మీరే రాశారు, శిక్షణ ఖర్చు పేరుతో మా బిల్లులో ఒక వరుస కూడా వేస్తున్నారు. పగటి గార్డు శిక్షణ సర్టిఫికెట్ మీరే పంపారు. అందులో జూన్ రెండో వారం నుంచి నెలాఖరు దాకా మీ కేంద్రంలో శిక్షణ పొందినట్టు ఉంది. సరిగ్గా ఆ రోజుల్లోనే ఆ కుర్రాడు ఉదయం నుంచి రాత్రి వరకు మా గేటులో డ్యూటీ చేశాడు. హాజరు పుస్తకంలో రోజూ అతని సంతకం ఉంది, ఆ హాజరు చూపించే మీరు బిల్లు వసూలు చేసుకున్నారు. ఒకే మనిషి ఒకే రోజు రెండు చోట్ల ఎలా ఉన్నాడు? సర్టిఫికెట్ అబద్ధమా, బిల్లు అబద్ధమా, ఏదో ఒకటి మీరే ఒప్పుకోవాలి.

ఇది కాగితాల పట్టింపు అని మీకు అనిపించవచ్చు. వానాకాలంలో మా సెల్లారు మీటరు బోర్డులో మంట లేచింది. పక్కనే గోడకు కార్బన్ డయాక్సైడ్ సిలిండరు తగిలించి ఉంది. ఈ కుర్రాడు కొళాయి దగ్గరికి పరిగెత్తి బకెట్ నింపుకొచ్చాడు. కరెంటు మంట మీద నీళ్లు! కారు దిగుతున్న ఒకాయన చూసి, అరిచి బకెట్ లాక్కుని, సిలిండరు పిన్ను లాగి మంట ఆర్పాడు. తర్వాత అడిగితే ఆ ఎర్ర సిలిండరు ఎలా వాడాలో తనకు ఎవరూ చూపించలేదని చెప్పాడు. యూనిఫాం ఇచ్చి, ఫొటో తీసి, అదే సాయంత్రం మా గేటుకు పంపారట. ఆ నియమాల పాఠాల జాబితాలో మంటలు ఆర్పడం ఉంది, ప్రథమ చికిత్స ఉంది, అపార్ట్‌మెంటు భవనాల రక్షణ అని పేరు పెట్టి మరీ ఉంది. ఆ కుర్రాడు ధైర్యంగానే పరిగెత్తాడు. మీరు నేర్పి ఉంటే ఆ ధైర్యం మాకు పనికొచ్చేది. ఆ రోజు కొద్దిలో తప్పింది గానీ, అతని ప్రాణం పోయి ఉంటే మీ సంస్థ తరఫున ఏ సర్టిఫికెట్ చూపించేవాళ్లు?

మీ లైసెన్సు నకలు కూడా చూశాను. గడువు ఉంది. కానీ అది రంగారెడ్డి జిల్లా ఒక్కదానికే. మియాపూర్ దాటి ఇటు నిజాంపేట్ వైపు వస్తే జిల్లా మారిపోతుంది, మేముండేది మేడ్చల్ మల్కాజిగిరి జిల్లాలో. నగరంలో తిరిగేవాళ్లకు ఈ సరిహద్దులు గుర్తుండవు, నిజమే. లైసెన్సు తీసుకునే సంస్థకు గుర్తుండాలి. చట్టంలో ఒక జిల్లాకు ఫీజు 5,000 రూపాయలు, అయిదు జిల్లాల వరకు 10,000, రాష్ట్రం మొత్తానికి 25,000. మేము ఇచ్చే ఒక్క నెల బిల్లులో చిన్న ముక్కతో అయిదు జిల్లాల లైసెన్సు వచ్చేది. లైసెన్సు లేకుండా ఏజెన్సీ నడిపితే ఏడాది వరకు జైలు, 25,000 వరకు జరిమానా, లేదా రెండూ వేయవచ్చు. లైసెన్సులో లేని జిల్లాలో మనుషుల్ని పెట్టడం అంతకన్నా తక్కువ తప్పెలా అవుతుందో మీ వకీలునే అడగండి.

మిగతావి క్లుప్తంగా రాస్తాను. పదిహేను మంది గార్డులకు మించకుండా ఒక సూపర్‌వైజరు ఉండాలి. మీ సూపర్‌వైజరు బిల్లు పట్టుకుని వచ్చే రోజు తప్ప మాకు కనిపించడు. వచ్చినప్పుడు మాత్రం ఖాకీ బట్టలు, భుజం మీద నక్షత్రాలు. హెల్మెట్ లేని కుర్రాళ్లు ఆయన్ని చూసి బండి వెనక్కి తిప్పుకుంటున్నారు! నవ్వొచ్చే సంగతే గానీ, పోలీసుల యూనిఫాంలా కనిపించే బట్టలు వేసుకుంటే వేసుకున్నవారితోపాటు ఏజెన్సీ యజమానికీ శిక్ష ఉందని అదే చట్టంలో రాసి ఉంది. గార్డుల గుర్తింపు కార్డుల మీద గడువు పోయిన ఏడాదే అయిపోయింది.

రాత్రి గార్డు విషయం మళ్లీ రాయక తప్పడం లేదు. ఆయన ఆధార్ ప్రకారం వయసు 68. చట్టం ప్రకారం గార్డుకు 65 నిండి ఉండకూడదు. ఉద్యోగంలో పెట్టుకున్న రోజే మీరు ఆ ఆధార్ నకలు తీసుకున్నారు కాబట్టి ఇది మీకు కొత్త సంగతి కాదు. తక్కువ జీతానికి, సెలవు అడగకుండా, పన్నెండు గంటలు కూర్చుంటాడని పెట్టుకున్నారు. మా బిల్లులో పీఎఫ్ 13 శాతం, ఈఎస్‌ఐ 3.25 శాతం వసూలు చేస్తున్నారు. పగటి కుర్రాడికి ఈరోజుకీ పీఎఫ్ నంబరు లేదు, ముసలాయనకు ఈఎస్‌ఐ కార్డు లేదు. ఇప్పుడు మీ గుట్టు బయటపడే సరికి ఆయన్ని ఇంటికి పంపి చేతులు దులుపుకుందామని చూస్తున్నారు. వయసు వల్ల ఆయన్ని డ్యూటీలో ఉంచలేమన్నది మాకూ అర్థమవుతుంది. కానీ రావలసిన జీతం, పీఎఫ్, ఈఎస్‌ఐ బకాయిలు లెక్క కట్టి ఆయన చేతికి అందాకే పంపండి. నిజం చెప్పినందుకు ఆయన జీతంలో ఒక్క రూపాయి కోసినా మేము ఊరుకోం.

మా కమిటీ తీర్మానం ఇది. రిజిస్టరు ఫొటోలు ఎవరు తీశారు, ఎవరికి ఇచ్చారు, ఇంకా ఏ ఫ్లాటు సమాచారం ఎవరికి అమ్మారు అన్నది మీ సంతకంతో రాసి ఇవ్వాలి. ఉన్న నకళ్లన్నీ తీసేసినట్టు అదే ఉత్తరంలో రాయాలి. ఆ తల్లీకూతుళ్లకు క్షమాపణ విడిగా, వాళ్ల ఇంటికే పంపాలి, మా నోటీసు బోర్డు మీద వద్దు. ఆ అమ్మాయి గురించి ఇచ్చిన రిపోర్టు తప్పని, ఆ కారు ఆఫీసు క్యాబ్ అని, రిపోర్టు కొన్నవాళ్లకు కూడా రాసి, దాని నకలు ఆమెకు ఇవ్వాలి. ఇప్పటిదాకా శిక్షణ పేరుతో, సూపర్‌వైజరు పేరుతో తీసుకున్న మొత్తం వెనక్కి ఇవ్వాలి. పీఎఫ్, ఈఎస్‌ఐ చలాన్లు గార్డుల పేర్లతో సహా చూపించాలి.

అగ్రిమెంటు ప్రకారం నెల రోజుల నోటీసు ఇస్తున్నాం. ఈ ఉత్తరమే ఆ నోటీసు. ఈ నెల బిల్లులో గార్డుల జీతం భాగం యథావిధిగా కడతాం, సర్వీసు చార్జీ మాత్రం చలాన్లు చూసేదాకా ఆపుతాం. పదిహేను రోజుల్లో రాతపూర్వకంగా జవాబు రాకపోతే, సర్టిఫికెట్ నకలు, మా హాజరు పుస్తకం పేజీలు, సీసీటీవీ ఫుటేజీ కలిపి ఏజెన్సీలకు లైసెన్సులిచ్చే కంట్రోలింగ్ అథారిటీకి పంపుతాం, జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాం. రిజిస్టరు విషయంలో పోలీసు ఫిర్యాదు ఇవ్వాలా వద్దా అన్నది ఆ అమ్మాయి ఇష్టం. ఆమె ఇస్తానంటే అసోసియేషన్ తరఫున సాక్షిగా నేను వెళ్తాను.

ఫోన్ చేయవద్దు. మీ మేనేజరును మాట్లాడటానికి పంపవద్దు, ఆయన్ని గేటు లోపలికి రానివ్వొద్దని ఇద్దరు గార్డులకూ చెప్పాం.

ఇట్లు,
కార్యదర్శి,
అపార్ట్‌మెంట్ ఓనర్స్ అసోసియేషన్

జతపరచినవి: శిక్షణ సర్టిఫికెట్ నకలు, జూన్ నెల హాజరు పుస్తకం పేజీలు, లైసెన్సు నకలు, మీ విజిటింగ్ కార్డు, గత ఏడాది బిల్లులు.